ఏడో బుట్ట మీద పసుపు డిస్కు

టైలరమ్మ రోజూ పొద్దున్నే కొట్టు షట్టరు సగం ఎత్తి, తాళంచెవి ఇంకా చేతిలో ఉండగానే వెనక్కి తిరిగి సరస్సు మీద ఆకాశం వంక చూసేది. పసుపు డిస్కు అక్కడే ఉండేది. తెల్లవీ నీలివీ ఓ పాతిక డిస్కుల మధ్య తాపీగా చుట్లు కొడుతుండేది. "ఉన్నావా? ఉండు, ఉండు," అని పళ్ళు కొరికి, మిగతా సగం షట్టరు దడాలున ఎత్తేది.

ఆమె కొట్టు కొండమీది ఆట మైదానం గేటు పక్కనే. ఆ ఆట గోల్ఫుకి దూరపు చుట్టం. బంతికి బదులు పళ్ళెమంత డిస్కు, గుంతకి బదులు ఇనప గొలుసులు వేలాడే బుట్ట. చేత్తో విసరడమే, కర్రా గిర్రా అక్కర్లేదు. డిస్కు పోయి గొలుసులకి తగిలి ఝల్లుమంటే ఆ బుట్ట అయిపోయినట్టు. ఆటగాళ్ళు డిస్కులు మోసుకెళ్ళే సంచులు కుట్టడం, తెగిన పట్టీలు అతకడం టైలరమ్మ పని.

కొండమీద బుట్టలన్నీ అందమైనవే. మూడోది సన్నటి చెట్ల మధ్య సందులో ఉంటుంది, సూదిలో దారం ఎక్కించినట్టు విసరాలి. పదకొండోది జలపాతం పక్కన, తడవకుండా ఆడినవాడు లేడు. కానీ ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చేది మాత్రం ఏడోదాని కోసం. కొండ అంచున సిమెంటు గద్దె మీద నిలబడి, కింద సరస్సు మెరుస్తుంటే, అవతలి బండరాయి మీదున్న బుట్టకి నీళ్ళ మీదుగా విసరాలి. అక్కడ విసిరిన డిస్కుల్లో ఎప్పుడో ఒకటి కిందికి దిగేది కాదు. సరస్సు మీదే తిరుగుతూ ఉండిపోయేది. విసిరినవాళ్ళు మళ్ళీ వచ్చి గద్దె మీద నిలబడితే బుద్ధిగా వచ్చి బుట్టలో పడేది. విసిరినవాళ్ళు చనిపోతే ఆ క్షణానే నీళ్ళలో పడి మునిగిపోయేది. ముసలి పోస్టుమాన్ ఆస్పత్రిలో కన్నుమూసిన సంగతి ఫోనొచ్చేలోపే ఊరందరికీ తెలిసిపోయింది, ఆయన ఆకుపచ్చ డిస్కు బుడుంగుమనడం పడవల రేవులో అందరూ చూశారు. ఇందులో ఎవరికీ వింతేమీ తోచేది కాదు. "అక్కడి గాలి తీరే అంత," అనేవాళ్ళు.

టైలరమ్మ భర్త పడవల మెకానిక్. నాలుగేళ్ళ కిందట ఒకరోజు బాగుచేసిన పడవని సరిచూడ్డానికి సరస్సులోకి వెళ్ళాడు. ఈదురుగాలి లేచింది. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. మూడు రోజులు వెతికాక ఊరివాళ్ళు తలెత్తి చూశారు. మెకానిక్ పసుపు డిస్కు, అంచు మీద గ్రీజు వేలిముద్రతో సహా, నిక్షేపంగా తిరుగుతోంది. పడవెక్కే ముందురోజు సాయంత్రమే అతను తల్లిని వెంటబెట్టుకుని కొండెక్కాడు. ఇంకేముంది, "మీవాడు బతికే ఉన్నాడమ్మా," అని అందరూ తల్లి చేతులు పట్టుకున్నారు.

బతికే ఉంటే ఏడీ?

ఆ ప్రశ్న టైలరమ్మని చెదపురుగులా తొలిచేసింది. బతికుండీ రాలేదంటే రావడం ఇష్టం లేకేగా. పడవ తనే బోర్లించి, ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి పోయుంటాడు. అక్కడ ఎవతో ఉండుంటుంది. పోనీ, తల్లికైనా కబురు పెట్టకుండా ఉంటాడా? అందుకే అత్తగారి మీద ఓ కన్నేసింది. స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఫోను తీసి చూసేది. మందుల షాపుకని బయల్దేరితే సందు మలుపు దాకా వెనకే వెళ్ళేది. ఒకసారి కొత్త శాలువా కప్పుకుని కనిపిస్తే, "ఎవరు పంపారు?" అని అడగనే అడిగింది.

"ఎవరు పంపుతారే, పోయినేడు నువ్వేగా కుట్టావు!" అంది అత్తగారు తెల్లబోయి.

ఏమీ దొరకలేదు. అయినా అనుమానం తీరలేదు. ఒక్క సంగతి మాత్రం కొరుకుడుపడేది కాదు. మోకాళ్ళ నొప్పులని అత్తగారు కొండెక్కేది కాదు. డాబా మీదికి మాత్రం బట్టల బుట్ట చంకనెట్టుకుని లేడిపిల్లలా ఎక్కేది.

ఇక మైదానం కాపరి ఒకడు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. చిన్న చిరుగున్న సంచి కూడా పట్టుకుని కొట్టుకొచ్చేవాడు. ఓ రోజు తల దించుకునే, "మీకు అభ్యంతరం లేకపోతే మనిద్దరం..." అని మొదలెట్టాడు.

"నాకు మొగుడున్నాడు. అదిగో, పైన తిరుగుతున్నాడు," అంది టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ. ఇతనికి నాతో ఏం పనుందో అని అప్పట్నుంచీ అతని మీదా అనుమానమే.

అలా ఉండగా ఊరూరా తిరిగి అందమైన బుట్టలన్నీ ఆడి చూసే సరదా ఉన్న పళ్ళ డాక్టరొకావిడ వచ్చింది. సంచి పట్టీ తెగిందని ఇచ్చి, "కుట్టి పైకి తెచ్చిస్తారా, నేను ఆడుతుంటాను," అంది. టైలరమ్మ సంచి పట్టుకుని వెళ్ళేసరికి డాక్టరమ్మ ఏడో గద్దె మీద చంటిపిల్లలా చప్పట్లు కొడుతోంది.

"చూడండి, నాది కూడా ఆగిపోయింది! దీపస్తంభం చుట్టూ ఉన్న బుట్టలాడాను, గుహలో ఉన్నదాడాను. ఇలాంటిది ఎక్కడా చూళ్ళేదు."

ఆమె ఎర్ర డిస్కు పైన తిరుగుతోంది. కానీ మిగతావన్నీ ఒకవైపు తిరుగుతుంటే ఇదొక్కటే ఎదురు తిరుగుతోంది.

"ఇదేంటి, అడ్డంగా పోతోంది?"

"నాది ఎడమచేతి వాటం. కుడిచేత్తో విసిరింది ఎడమకి ఒరుగుతుంది, మాది కుడికి. మా బతుకంతా అడ్డమే," అని నవ్వింది డాక్టరమ్మ.

టైలరమ్మ నవ్వలేదు. ఆమె మొగుడు అన్నం తినేటప్పుడు అతని ఎడమ మోచెయ్యి ఆమె కుడి మోచేతికి తగిలి పెళ్ళైన కొత్తలో రోజూ పోట్లాటే. ఆమె కత్తెర అతని చేతిలో గుడ్డని నమిలేదే కానీ కత్తిరించేది కాదు. అలాంటి ఎడమచేతి వాటంవాడి పసుపు డిస్కు అందరి డిస్కులతో కలిసి, అందరిలాగే, ఎడమకి తిరుగుతోంది.

అయితే అతని డిస్కు ఇంకెవరో విసిరారు. ఎవతె? ఆమె తిన్నగా కాపరి దగ్గరికి పోయింది. అతను గడ్డి కోసే మిషను తుడుచుకుంటున్నాడు.

"ఆ పసుపుది ఎటు తిరుగుతోందో మీరెప్పుడైనా చూశారా?"

కాపరి గుడ్డ పక్కన పెట్టాడు. "చూశానండీ. రెండేళ్ళయింది చూసి."

"మరి నోట్లో బెల్లం పెట్టుకున్నారా? చెప్పొద్దూ?"

"నేను చెప్తే మీరేమనుకుంటారు? నా స్వార్థం కోసం మీ ఆయన్ని చంపేస్తున్నాననుకోరూ?"

అనుకునేదే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అతనే మళ్ళీ అన్నాడు. "ఆ సాయంత్రం మీ ఆయనతో పైకొచ్చింది ఒక్కరేనండీ. ఆవిడ మళ్ళీ ఈ గేటు దాటి రాలేదు."

టైలరమ్మ ఇంటికెళ్ళేసరికి అత్తగారు డాబా మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"అత్తయ్యా, ఆ డిస్కు ఎవరు విసిరారు?"

"ఎవరేంటే, వాడే."

"ఏ చేత్తో?"

అత్తగారు చేతిలోని దిండు గలీబునే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. చివరికి, "రేపు ఎండ తగ్గాక తీసుకెళ్ళు," అంది. "మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాలే."

మర్నాడు ఇద్దరూ కొండెక్కారు. ఏడో గద్దె దగ్గర అత్తగారు చెప్పులు విడిచి, ఊపిరి పీల్చుకుని, సిమెంటు మీద కాలు మోపింది. సరస్సు మీద పసుపు డిస్కు చుట్టు మధ్యలోనే మానేసి తిన్నబడింది. ఎవరో పిలిచినట్టు నీళ్ళ మీదుగా నెమ్మదిగా సాగిపోయి అవతలి బుట్టలో పడింది. గొలుసులు ఝల్లుమన్నాయి.

"అమ్మా, నువ్వూ ఒకటి విసురు, సరదాగా ఉంటుంది అన్నాడే," అంది అత్తగారు బుట్ట వంకే చూస్తూ. "విసిరాను. తర్వాత ఊరంతా వచ్చి మీవాడు బతికే ఉన్నాడంటుంటే, కాదు, అది నాది అనడానికి నోరు రాలేదు. ఆనక నువ్వు గుర్తొచ్చావు. వాడు లేడని తెలిస్తే నువ్వు మాత్రం ఎందుకుంటావు ఈ ముసల్దానితో?"

కోడలు కేకలేస్తుందనుకుంది ఆమె. కోడలు కేకలెయ్యలేదు.

"అయితే ఆయన ఎక్కడికీ పోలేదా?"

"ఎక్కడికి పోతాడే?"

"నన్నొదిలేసి పోలేదా?"

అత్తగారు అప్పుడు కోడలి మొహం చూసింది. "నిన్నొదిలేసా? వాడా? అలా ఎలా అనుకున్నావే? రోజూ ఆకాశం వంక చూస్తుంటే వాడి కోసం ఎదురుచూస్తున్నావనుకున్నాను!"

"తిడుతున్నాను అత్తయ్యా. నాలుగేళ్ళుగా పొద్దున లేచి ఆయన్ని తిడుతున్నాను."

అని గద్దె మీద కూలబడి ఏడ్చింది. భర్త పోయిన రోజున ఏడవాల్సిన ఏడుపు అది. పడవ దొరికినప్పుడూ, వెతకడం మానేసినప్పుడూ రాని ఏడుపు. అత్తగారు పక్కన కూర్చుంది కానీ ఆమె వీపు మీద చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాల్లేదు. కొడుకుని బతికించుకున్నానని మురిసిందే కానీ, ఇన్నాళ్ళూ ఇంట్లో వాడి పేరుకి పట్టిన మసి ఆమె కంట పడలేదు. చాలాసేపటికి కోడలే తల వాల్చి ఆమె భుజాన ఆనించింది.

దిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర టీకొట్టతను మామూలుగా పలకరించాడు. "మీవాడి కబురేమైనా తెలిసిందా అమ్మగారూ?"

"వాడు లేడు నాయనా," అంది అత్తగారు. "పడవ తిరగబడ్డ రోజే పోయాడు."

"చాలా మంచివాడు," అంది టైలరమ్మ.

ఆ ఏటి వానలు వెలిశాక కాపరి మళ్ళీ ఓ చిరిగిన సంచితో వచ్చి, పోయినసారి ఆగిపోయిన మాట పూర్తిచేశాడు. టైలరమ్మ చేతిలో పని ఆపి, "మా అత్తయ్యని అడగండి," అంది. అతను తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటికెళ్ళాడు. అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి అతన్ని కిందనించి పైదాకా అనుమానంగా చూసింది.

"ఆ ఏడో గద్దె మీంచి ఎప్పుడైనా విసిరావా?"

"లేదండీ. అక్కడ ఊడవడమే కానీ ఒక్కసారీ విసర్లేదు."

"ఇకమీదా విసరకు."

"సరేనండీ."

"అయితే లోపలికి రా," అని ఆమె పక్కకి జరిగింది.