చప్పట్లలో ఈల

ఆ నలుగురు ఆడవాళ్ళూ చనిపోలేదని రేడియో చెప్పింది. చెప్పాపెట్టకుండా పని మానేసి ఎటో వెళ్ళిపోయారంది.

నలుగురిలో ఒకరు కాలనీ బడి మాస్టారి కూతురు. ఆ నలుగురూ లోపలుండగా దూది షెడ్డు తగలబడ్డనాడు ఆ తలుపుకి బయట తాళం వేసి ఉండటం మిల్లు కాలనీలో చూడని మనిషి లేడు. నీళ్ళకనీ టీకనీ మాటిమాటికీ బయటికి పోతున్నారని మేనేజరు వేయించిన తాళం అది. తాళంచెవి ఆయన జేబులో ఉంది. ఆయన పట్నంలో ఉన్నాడు. తెల్లారేలోపు మూసిన లారీ ఒకటి వచ్చి వెళ్ళింది. దేహాలు లేవు కాబట్టి చావులు లేవు. చావులు లేవు కాబట్టి తాళమూ లేదు. సర్కారు లెక్క అంత సులువు. చావులని రాసిన చిన్న పత్రికకు మర్నాటి నుంచి కాగితం రావడం ఆగిపోయింది.

పాటలూ నాటకాలూ, రేడియో, పత్రికలూ, బయటి దేశాల నుంచి వచ్చే సాయమూ అన్నీ ఒకే మంత్రి చేతి కింద ఉండేవి. “పెట్టేదీ ఆయనే, పెట్టాడని పాడించేదీ ఆయనే, పెట్టలేదన్నవాడి నోరు కుట్టేదీ ఆయనే” అనేది కండెల అత్త. మిల్లులో కండెలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్ళు వంకర పోయాయి గాని నాలుక తిన్నగానే ఉంది.

ఆ మంత్రి గొంతు ఒక సాయంత్రం టీ కొట్టు రేడియోలో వినిపించింది. షిఫ్టు దిగిన జనం బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నారు. మాస్టారు ఓ మూల నిలబడి టీ తాగుతున్నారు.

“బయటి దేశపు మిత్రులు పంపిన కొత్త మగ్గాలతో మీ మిల్లు మళ్ళీ నిలబడింది. మన కార్మిక సోదరుల ఆనందాన్ని మీరే వినండి” అన్నాడు మంత్రి.

చప్పట్లు మోగాయి. చప్పట్ల మధ్యలోంచి ఈల లేచింది. ఒక పొడుగు, వెంటనే రెండు తెంపులు.

ఫిట్టరు కుడిచెయ్యి గాల్లోకి లేచి, అక్కడ లేని పిడిని పట్టుకుని కిందికి లాగింది. చేతిలో టీ గ్లాసు ఉన్న సంగతి కూడా అతనికి గుర్తు లేదు. టీ అంతా ఒళ్ళో పడింది. పక్క బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు దిగ్గున లేచి నిలబడ్డారు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు.

మగ్గాల షెడ్డులో మాట వినపడదు. చెవిలో నోరు పెట్టి అరిచినా పెదాలు కదలడమే కనిపిస్తుంది. అందుకని అక్కడ పనంతా సైగలూ ఈలలే. ఒక పొడుగు, రెండు తెంపులు పడ్డాయంటే ఎవరో యంత్రంలో చిక్కుకున్నారని. విన్నవాళ్ళు ఆలోచించరు. చెయ్యి దానంతట అదే మగ్గం ఆపే పిడి మీదికి పోతుంది. షెడ్డంతా ఆగాక ‘ఎవరు?’ అని అరుస్తారు. జవాబు వచ్చాక ‘ఎక్కడ?’ అంటారు. చిక్కిన మనిషిని బయటికి తెచ్చేదాకా ఒక్క మగ్గం కూడా కదలకూడదు. ఏ గోడ మీదా రాయని చట్టం, చుట్టుపక్కల మిల్లులన్నిటిదీ. మేస్త్రీలు కూడా దాని జోలికి రారు.

ఆ ఈల మాస్టారి కూతురంత గట్టిగా వేసేవాళ్ళు మిల్లులో లేరు. ముందు పళ్ళ మధ్య సందు ఆమెకు అలా కలిసొచ్చింది. ఈలమ్మ అనేవాళ్ళు. మంటలనాడు తలుపు వెనక నుంచి వచ్చింది కూడా ఆ ఈలే. మగ్గాలు ఆగాయి. జనం పరిగెత్తారు. తాళం దగ్గర ఆగిపోయారు.

“మాస్టారూ, విన్నారా?” అంది కండెల అత్త.

“విన్నాను.”

“మన పిల్లే.”

“ఊఁ.”

“చచ్చిపోలేదన్నారు కదా దొంగ సచ్చినోళ్ళు. నిజమే చెప్పారు. పట్టుకెళ్ళి డబ్బాలో పెట్టుకున్నారు.”

అది ఎప్పటి ఈలో అందరికీ గుర్తే. మంటలకు ముందు వచ్చిన వేసవిలో రేడియో వ్యాను మిల్లుకి వచ్చింది. కార్మికుల కార్యక్రమం అన్నారు. మేనేజరు మైకు ముందు ఉపన్యాసం మొదలుపెట్టాడు, ఆపడం మర్చిపోయాడు. ఎండకి జనం మాడిపోతున్నారు. వెనక వరసలోంచి ఈలమ్మ ఈల వేసింది. ఆపండి, ఇక్కడ మనుషులు చిక్కుకుపోయారు! ఆవరణంతా పగలబడి నవ్వింది, చప్పట్లతో దద్దరిల్లింది. ఆ చప్పట్ల మధ్యలో ఆమె ఇంకోసారి వేసింది. ఆ మర్యాద తనకే అనుకుని మేనేజరు చేతులు జోడించాడు. వ్యానువాళ్ళు మురిసిపోయి ఆ టేపు జాగ్రత్తగా దాచుకున్నారు. అప్పట్నుంచి మంత్రి ఎక్కడ మాట్లాడినా అవే చప్పట్లు. షిఫ్టుల్లో ఉండే జనం చెవిన పడటం మాత్రం ఇదే మొదలు.

మాస్టారు ఇంటికి వెళ్ళేసరికి భార్య రేడియో ముందు కూర్చుని ఉంది. వార్తలు అయిపోయి ఏదో సంగీతం వస్తోంది. ఆమె దాన్ని కట్టెయ్యలేదు.

“నువ్వూ విన్నావా?” అన్నారు.

“నేను ఎప్పట్నుంచో వింటున్నా” అంది ఆమె. “మంత్రి మాట్లాడతాడని తెలిస్తే పొయ్యి మీద కుండ దించేసి కూచుంటా. మీకు చెప్తే మీరు తట్టుకోలేరని చెప్పలేదు.”

మాస్టారు చూపు దించారు. రేడియో పక్కన ఆమె రోజూ కూర్చునే చోట చాప అంచు అరిగిపోయి ఉంది. ఇన్నాళ్ళూ ఆయన అది చూడలేదు.

* * *

వారం తిరక్కుండానే కత్తెరాయన బడికి వచ్చాడు. ఆయన సాంస్కృతిక శాఖ అధికారి. బడిపిల్లల నాటకంలో ఆకలి అన్న మాట ఉందని ఆ సీను మొత్తం కత్తిరించినప్పుడు పిల్లలే పెట్టిన పేరది. మెత్తటి మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు.

“సాయం చేసిన దేశాలవాళ్ళు వస్తున్నారు మాస్టారూ. మంత్రిగారు కూడా. అంతా రేడియోలో అప్పటికప్పుడే వెళ్తుంది. కాలనీ తరఫున మీరు రెండు మాటలు చదవాలి. రాసుకొచ్చాం, మీకు శ్రమ లేకుండా.”

“నేనే ఎందుకు?”

“మీకు కష్టం వచ్చింది. కష్టం వచ్చిన మనిషే కృతజ్ఞత చెబితే ఆ నిండుతనం వేరు కదా.”

“నాకే కష్టమూ రాలేదని కదా మీ రేడియో చెప్పింది.”

కత్తెరాయన నొచ్చుకున్నట్టు తల వంచాడు. “అది కూడా చూద్దాం. కార్యక్రమం సవ్యంగా జరిగితే అమ్మాయి జబ్బు చేసి పోయిందని రాయించే వీలుంది. ఇంట్లో ఆవిడకి కాస్త మనశ్శాంతి. జరగకపోతే... ఈ బడి మా శాఖ దయ మీదే నడుస్తోంది. మీకు తెలియంది కాదు.”

మాస్టారు ఆ కాగితం అందుకున్నారు. పిల్లల రాత దిద్దే అలవాటు కొద్దీ పైనుంచి కిందికి చదివారు. ఒక్క తప్పు లేదు. ఒక్క నిజమూ లేదు.

“మైకు బాగా పని చేస్తుందా?” అని అడిగారు.

“శ్రేష్ఠమైనది. మగ్గాల షెడ్డు లోపల కూడా బాకాలు పెట్టిస్తున్నాం. పని చేసేవాళ్ళూ వినాలి కదా. ఎదురు మిల్లుల్లోనూ రేడియో పెట్టించమని ఆర్డర్లు వెళ్ళాయి.”

* * *

ఆదివారం మధ్యాహ్నం బడి గదిలో కాలనీ అంతా కూడింది. పిల్లల బల్లల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. కిటికీల్లో కూడా మనుషులే.

ఫిట్టరు మొదటే నిప్పులు కక్కాడు. “మాస్టారు కాగితం పుచ్చుకున్నారట. ముందు అది తేలాలి.”

“పుచ్చుకున్నాను.”

“చదువుతారా?”

“మైకు దాకా వెళ్ళాలంటే అది చేతిలో ఉండాలి.”

గదిలో గుసగుసలు లేచాయి. ఫిట్టరు మెత్తబడలేదు. “మైకులూ మాటలూ మనకెందుకు? వైరు తెంపేస్తా. వ్యాను టైర్లు కోసేస్తా.”

“కొయ్యి నాయనా” అంది కండెల అత్త. “నిన్ను లోపల పడేస్తారు. మిల్లు రౌడీలు సాయాన్ని అడ్డుకున్నారని రేడియో చెప్తుంది. మర్నాడు కొత్త టైర్లు వస్తాయి. ఆ టైర్లు కూడా సాయంలోనే రాసుకుంటారు.”

నవ్వులు.

“మరి నువ్వు చెప్పు, ఏం చేద్దాం?”

“ఏం చెయ్యొద్దు. చప్పట్లు కొట్టొద్దు. ఒళ్ళో చేతులు ఒళ్ళోనే. వాళ్ళకి కావలసిందల్లా మన చేతుల చప్పుడే కదా, అది ఇవ్వొద్దు.”

“ఇవ్వకపోతే ఏముంది? డబ్బాలోవి వేస్తారు” అన్నాడొక రంగుల పనివాడు. “పనులు పోతాయి, బియ్యం పోతాయి, చప్పట్లు మాత్రం ఆగవు.”

“వెయ్యనీరా! వచ్చినవాళ్ళకి చెవులతో పాటు కళ్ళు కూడా ఉంటాయి.”

“ఆ దొరల కళ్ళు మనకెందుకు?” ఫిట్టరు మళ్ళీ లేచాడు. “మగ్గాలు వాళ్ళిచ్చారు, యజమాని తీసుకున్నాడు. షెడ్డుకి ఇంకో తలుపు పెట్టించమని వాళ్ళలో ఒక్కడడిగాడా?”

“వాళ్ళ కోసం కాదురా. మన కోసం. మన చేతులు మన మాట వింటాయో లేదో ఒకసారి చూసుకోవాలి.”

ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు. మాస్టారు కిటికీ వైపు చూస్తూ నెమ్మదిగా అన్నారు. “ఒకటుంది. అంతమంది ముందు ఆ చప్పట్లు అబద్ధమని తేలిపోతే, ఇక ఆ టేపు ఎప్పటికీ వెయ్యరు.”

అందరి చూపులూ గోడకు ఆనుకుని కూర్చున్న ఆయన భార్య మీదికి వెళ్ళాయి. ఆమె కొంగు అంచు మడతపెట్టింది, విప్పింది.

“పోనీ” అంది. “దాని ఈల వినాలంటే ముందు ఆ మంత్రిగాడి అబద్ధమంతా వినాల్సొస్తోంది. నా బిడ్డని వాడి ఉపన్యాసానికి తాళం వెయ్యమని నేను కనలేదు. ఇంకొక్కసారి వింటా. చాలు.”

* * *

అతిథులొచ్చిన రోజు మిల్లు ఆవరణలో కొత్త సున్నం వాసన. కాలిన దూది షెడ్డుకి అడ్డంగా రంగుగుడ్డ తెర కట్టారు. వేదిక మీద మంత్రి, మేనేజరు, బయటి దేశాలవాళ్ళు కూర్చున్నారు. పక్కన వ్యాను నిలబడి ఉంది. మగ్గాల షెడ్డు తలుపులు బార్లా తెరిచి, కొత్త మగ్గాలు ఆడటం అతిథులకు కనబడేలా ఏర్పాటు చేశారు. ఆ తలుపులు అంత బార్లా తెరవడం జనం మొదటిసారి చూశారు.

మంత్రి మాట్లాడాడు. కృతజ్ఞత గల జాతి అన్నాడు. స్వేచ్ఛగా పాడే, స్వేచ్ఛగా రాసే ప్రజలు అన్నాడు. “మీ ఆనందాన్ని ప్రపంచానికి వినిపించండి!” అని రెండు చేతులూ చాచాడు.

ఆవరణలో వందల చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఎక్కడో ఎవరో దగ్గారు. ఆ దగ్గు బాకాల్లో పెద్దగా వినిపించింది.

మంత్రి చేతులు చాచుకునే ఉన్నాడు. కత్తెరాయన మాస్టారి చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తోస్తూ, ఇంకో చేత్తో వ్యాను వైపు సైగ చేశాడు.

చప్పట్లు మోగాయి.

జోరుగా, ఆనందంగా, వాన కురిసినట్టు మోగాయి. కూర్చున్నవాళ్ళలో ఒక్క చెయ్యి కదల్లేదు. అతిథుల్లో తెల్లజుట్టు ఆవిడ జనాన్ని చూసింది, బాకాల్ని చూసింది, మళ్ళీ జనం చేతుల్ని చూసింది. పక్కవాడి మోచెయ్యి తట్టింది. మేనేజరు ఒక్కడే, పాపం, అలవాటుగా లేచి దండం పెట్టాడు.

అప్పుడు ఈల లేచింది. ఒక పొడుగు, రెండు తెంపులు.

ఆవరణలోనూ, షెడ్డు లోపలి బాకాల్లోనూ ఒకేసారి పలికింది. షెడ్డులో ఉన్నవాళ్ళకు చప్పట్లు కొట్టొద్దన్న సంగతి తప్ప వేరే మాట ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. చేతులు పిడుల మీదికి పోయాయి. మొదటి వరస ఆగింది. రెండో వరస ఆగింది. సాయంగా వచ్చిన మగ్గాలూ, పాతవీ, అన్నీ ఆగాయి. టేపులో చప్పట్లు మాత్రం కాసేపు గలగలలాడి, సిగ్గుపడ్డట్టు అవీ ఆగాయి.

షెడ్డులోంచి ఎన్నో గొంతులు ఒక్కసారిగా అరిచాయి. “ఎవరు?”

జనం మధ్యలోంచి మాస్టారి భార్య లేచింది. “నా కూతురు!”

“నా చెల్లెలు!” ఆ మూల నుంచి ఇంకొకరు లేచారు.

“మా కోడలు!”

“మా అమ్మ!”

షెడ్డు మళ్ళీ అడిగింది. “ఎక్కడ?”

మాస్టారు మైకు ముందు ఉన్నారు. చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. బళ్ళో పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు. పెంచలేదు, తగ్గించలేదు.

“దూది షెడ్డులో. తలుపు వెనక. తాళం బయట వేసి ఉంది.”

కత్తెరాయన వ్యాను మీదికి ఉరికాడు. “ఆపరా! కట్టెయ్!” లోపలున్న వ్యానువాడు చెవులకున్నవి తీసి, ఒద్దికగా పక్కన పెట్టి, “ఏంటి సార్, వినపడలేదు” అన్నాడు. అతను కూడా జీతగాడే.

ఫిట్టరు వెళ్ళి రంగుగుడ్డ తెరని ఒక్క గుంజు గుంజాడు. దాని వెనక నల్లటి గోడ, నల్లటి తలుపు. ఆ తలుపుకి తాళం ఇంకా వేలాడుతూనే ఉంది.

పోలీసులు మాస్టారిని రెండు రెక్కలూ పట్టుకుని జీపు దగ్గరికి నడిపించారు. మేనేజరు షెడ్డులోకి పరిగెత్తి, మగ్గాలు తిప్పండి, లేకపోతే గేటు బయటికే అని కేకలు వేస్తున్నాడు. మగ్గాల ముందు ఆడవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. కండెల అత్త గుమ్మంలో నిలబడి వాడికి జవాబు చెప్పింది.

“చిక్కినవాళ్ళని ముందు బయటికి తీసుకురా. తర్వాత తిప్పుతాం. ఈ షెడ్డు చట్టం తెలీదా నీకు?”

జీపులో కూర్చున్నాక మాస్టారు భార్య కోసం చూశారు. ఆమె అడ్డొచ్చిన పోలీసు భుజం మీదుగా తల ఎత్తి, “విన్నారా?” అని అడిగింది.

“విన్నాను” అన్నారు.

జీపు గేటు దాటి రోడ్డెక్కింది. రోడ్డవతల మూడు మిల్లులున్నాయి. పగలూ రాత్రీ వాటి చప్పుడుకి ఈ రోడ్డు మీద మాట వినపడదు. అలాంటిది, డ్రైవరు పక్కనున్న పోలీసు గొంతు తగ్గించి, “ఏంటిరా ఇంత నిశ్శబ్దం” అన్న మాట వెనక కూర్చున్న మాస్టారికి స్పష్టంగా వినిపించింది.

ఆ మూడు మిల్లుల్లోనూ రేడియో మోగుతోందని పోలీసుకి తెలీదు. మొదటి మిల్లు కిటికీల్లోంచి అరుపు రోడ్డు మీదికి దూకింది.

“ఎవరు?”