చీకటి పథ్యం

ఒండీనాకు వెలుతురు సంగతి మొదటినుంచీ అంతుపట్టలేదు. ఆవిడ తెలివితక్కువదేం కాదు, ఊళ్లో ఎవరింటి గొడవైనా ఇట్టే తీర్చిపెట్టగల మనిషి. కానీ ఈ వైద్యం మాత్రం ఆవిడ బుర్రలోకి ఎటువైపు నుంచీ దూరలేదు.

తమ్ముడు బెలార్మీనుకి గొంతు కింద, అన్నం దిగే దారిలో గడ్డ లేచింది. సంకటి ముద్ద కూడా దిగడం మానేసింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది: ముందు నరంలోకి మందు ఎక్కిస్తాం, తరవాత నోట్లోంచి సన్నటి తీగ దింపి దాని కొసన ఎర్రటి వెలుగు వెలిగిస్తాం, ఆ వెలుగు తగిలిన చోట మందు మేలుకుని గడ్డను చంపేస్తుంది అని. అంతవరకూ ఒండీనా బాగానే తలూపింది.

"ఇంటికెళ్లాక నెల పైచిలుకు ఈయన ఎండ మొహం చూడకూడదు. తగిలిందా, ఒళ్లు కాలి బొబ్బలెక్కుతుంది. ఇంట్లో మామూలు వెలుతురులో ఉంచండి," అంది డాక్టరమ్మ.

"అదేంటమ్మా! లోపల పెడితే మందైంది బయట తగిలితే నిప్పవుతుందా?"

"మందు చర్మంలో కూడా ఉండిపోతుందండీ. ఎండ పడితే అక్కడా మేలుకుంటుంది."

ఒండీనా ఇంకా గట్టిగా తలూపింది. ఎంత గట్టిగా ఊపితే అంత తక్కువ అర్థమైందన్నమాట.

ఇంటికొచ్చాక ఆవిడ తనకు తెలిసిన లెక్క ఒకటి కట్టుకుంది. పథ్యమంటే పథ్యమే. ఉప్పు తగ్గించమంటే అసలు మానేసినవాడు ఇంకా తొందరగా కోలుకోడూ? కిటికీలు మూసింది. సందుల్లో గుడ్డలు కుక్కింది. కిటికీల మీద కంబళ్లు వేలాడదీసింది. బల్బులు ఊడదీసింది. రోజరీ మాత పటం ముందు దీపం కూడా కొండెక్కించి, "తల్లీ, కొన్నాళ్లు నువ్వూ సర్దుకో," అని దణ్ణం పెట్టుకుంది.

"అక్కా, ఫ్రిజ్‌లో బల్బు కూడా పీకేశావా?" మంచం మీంచి గొణిగాడు బెలార్మీను.

"పీకేశాను. నీకు పండక్కి వెళ్లాలని ఉందా లేదా?"

ఉందా అంటే ఏం చెప్పాలి! అక్టోబరులో రోజరీ మాత పండుగ. ఆ రోజు కొంగాడా అనే ఊరేగింపు దళాలు డోళ్లు మోగిస్తూ ఇంటింటికీ వెళ్లి, ఆ ఏటికి ఊరు ఎంచుకున్న పండుగ రాజునీ రాణినీ గుడికి తీసుకెళ్తాయి. నాయకుడు చేతికర్రతో గడప ముందు నిలబడి లోపలికి రావచ్చా అని పాటలో అడుగుతాడు. ఇంటివాళ్లు లోపల్నుంచి పాటలోనే జవాబిస్తారు. జవాబొచ్చాకే గడప దాటాలి. జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ ఆ కర్ర బెలార్మీనుదే. గొంతు ఇప్పటికి తెరుచుకుంది గానీ ఎన్నాళ్లు తెరిచి ఉంటుందో చెప్పలేమని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. వచ్చే ఏడు మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. ఈ ఏడే పండుగ, ఈ ఏడే ఆ కర్ర పట్టుకుని వీధిలో నడవాలి.

అందుకని చీకటికి ఓర్చుకున్నాడు. టీవీ లేదు, మొహం చూసుకోవడానికి అద్దం లేదు. పడుకుని కర్రతో మంచంకోడు మీద మెల్లగా తాళం వేస్తూ, లేచీ లేవని గొంతుతో పాటలన్నీ నెమరేసుకునేవాడు. వంటింట్లో తడుముకుంటూ సంకటి కెలికే ఒండీనా చరణాలు తనూ అందుకునేది. మధ్యలో ఇంటివాళ్ల జవాబు వచ్చినప్పుడు మాత్రం గొంతు పెంచేది. అది ఆవిడ హక్కు. ఏటా దళం తమ గడప ముందుకొస్తే లోపల్నుంచి జవాబిచ్చేది ఆవిడే మరి.

"ఇంత సంకటి దిగిందా?"

"దిగింది."

"చల్లార్చాకే పెట్టానుగా?"

"పెట్టావులే, తల్లీ. చీకట్లో ముక్కులో పెట్టావు, అంతే."

పండుగ దగ్గరపడ్డాక ఆరోగ్య కేంద్రం నర్సు క్లెయిడి వచ్చింది. పక్కవీధి పిల్లే, దళంలో జెండా పట్టే అమ్మాయి. మూసిన కిటికీలు చూసి, తన పరీక్ష కోసమే మూశారనుకుంది. కాగితం సంచికి ఒక చిల్లు కోసి, బెలార్మీను చేతిని అందులో దూర్చి, తలుపు సందులోంచి ఆ చిల్లు మీద మాత్రం కాసేపు ఎండ పడనిచ్చింది. "రేపు చూద్దాం బాబాయ్. చర్మం మామూలుగా ఉంటే మీరు కర్ర తీసుకుని బయల్దేరచ్చు," అంది.

మర్నాడు తలుపు ఓరగా తీసి చూస్తే చేతి మీద గుండ్రంగా, ఎర్రగా వాచి ఉంది. ముట్టుకుంటే బెలార్మీను కెవ్వుమన్నాడు.

క్లెయిడి మొహం పాలిపోయింది. "ఈపాటికి మందు చాలావరకు పోయి ఉండాలే! అత్తా, బాబాయ్‌ని ఏ గదిలో ఉంచావు? వెలుతురు ఎంత వస్తుంది?"

"వెలుతురా!" ఒండీనా గర్వంగా నడుం మీద చెయ్యేసుకుంది. "ఒక్క చుక్క తగలనిస్తే ఒట్టు. ఇంట్లో నా చెయ్యి నాకే కనపడలేదు."

"అయ్యో అత్తా! ఎంత పని చేశావు! మామూలు వెలుతురులో ఉంచమన్నది ఊరికేనా? ఆ నీడపట్టు వెలుతురే చర్మంలో ఉన్న మందుని కొంచెం కొంచెంగా విరిచేస్తుంది. నువ్వు చీకట్లో పెట్టేసరికి అది ఎక్కడిదక్కడే ఉండిపోయింది."

ఒండీనా వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. లోపలి వెలుగు గడ్డను చంపుతుంది. బయటి వెలుగు ఒళ్లు కాలుస్తుంది. నీడలో వెలుగేమో కాల్చకుండా కడిగేస్తుంది. ఇన్ని వేషాలా ఒక్క వెలుగుకి? ఏది మంచిదో ఏది చెడ్డదో ఎవరు మాత్రం చెప్పగలరు?

"అయితే పండక్కి..."

"కుదరదు అత్తా. ఇంకో రెండు వారాలైనా ఆగాలి. అప్పుడు మళ్లీ చేతికి పరీక్ష."

ఒండీనా అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చింది. తమ్ముడి పండుగని తన చేతులతో తనే పాడుచేసింది. గడ్డ చెయ్యలేని పని అక్క ప్రేమ చేసింది. క్లెయిడి లేచి కంబళ్లు దించి, కిటికీ తలుపు తీసి పల్చటి తెర వేసింది. గదిలోకి మెత్తటి వెలుతురు వచ్చింది. అక్కాతమ్ముళ్లు ఎన్నాళ్లకో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీకింత తెల్లజుట్టు ఎప్పుడొచ్చిందే అక్కా?"

"నీ గడ్డం చూసుకో ముందు," అంది ఒండీనా వెక్కుతూనే. "నన్ను తిట్టరా. నాలుగు తిట్లు తిట్టు, నా మనసు కుదుటపడుతుంది."

బెలార్మీను తెర వైపే చూస్తూ, వాచిన చేతిని ఊదుకుంటూ కూర్చున్నాడు. అతనికీ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తరవాత పక్కనున్న కర్ర తీసి అక్క ఒళ్లో పడేశాడు.

"నన్ను జాడీలో ఆవకాయలా మూతపెట్టావు కదా, ఇప్పుడు నువ్వే ఎండలో నడు."

"నేనా? నాకు పాటలెక్కడొచ్చురా!"

"వంటింట్లోంచి రోజూ వినలేకపోయాను, అంత గట్టిగా పాడావు. డోళ్లవాళ్లకి చేతులున్నాయి గానీ పాటల్లేవు. నువ్వు వెళ్లకపోతే దళమే లేదు."

పండుగ పొద్దున దళం వేషం, తెల్ల కుచ్చుల గౌను, రిబ్బన్ల టోపీ వేసుకుని ఒండీనా దళం ముందు నిలబడింది. మొదటి గడప నాయకుడిదే కావాలని డోళ్లవాళ్లు పట్టుబట్టారు. క్లెయిడి జెండా ఎత్తింది. తన ఇంటి తలుపు ముందు, ఎవరో పరాయి మనిషిలాగా, ఒండీనా కర్ర నేలకు తాటించి పాడింది:

"ఇంటివారూ, ఇంటివారూ, ఎండన పడి వచ్చాము,
తల్లి జెండా తెచ్చాము, గడప దాటమంటారా?"

లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఒండీనా తెర వైపు మెడ సాచింది. తమ్ముడి గొంతుకేమైనా అడ్డంపడిందా? కాఫీ బల్ల మీద పెట్టి వచ్చింది, ఆరకుండానే తాగాడా? అప్పుడు తట్టింది. బెలార్మీను జన్మంతా గడప బయట నిలబడి అడిగినవాడే. లోపల కూర్చుని జవాబివ్వడం అతనికేం తెలుసు!

ఇంతలో తెర వెనకాల నుంచి బొంగురు గొంతు వచ్చింది:

"వచ్చినవారు మావారే, తలుపు తీసే ఉంచాము,
కాఫీ కాస్తా ఆరిపోతోంది, కబుర్లు మాని రారండీ!"

డోళ్లవాళ్లు ఘొల్లుమని నవ్వారు. ఆ కాఫీ మాట పాటలో లేదు. ఎప్పుడో ఒండీనా సొంతంగా కలిపింది, ఏటా అదే పాడుతుంది. బయట నిలబడి వింటే అది ఎలా ఉంటుందో ఆవిడకు ఇన్నేళ్లూ తెలియదు. ఎవరో ఇంట్లో మన కోసం ఎదురుచూస్తున్నట్టుంది. ఒండీనాకు కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి. తరవాతి చరణం ఏమిటో మర్చిపోయింది.

"అక్కా! వాళ్లని ఎండలో నిలబెట్టి చంపుతావా? అందుకో!"

ఒండీనా ముక్కు తుడుచుకుని కర్ర తాటించింది, పాట అందుకుంది. పెంకుల మీంచి ఎండ నేరుగా ఆవిడ మొహాన కొడుతోంది. ఇందులో తమ్ముణ్ణి కాల్చేదేమిటో, తెరలోంచి వెళ్లగానే అదే మందెలా అవుతుందో ఆవిడకు ఇప్పటికీ తెలియదు. తలుపు తోసి, దళం లోపలికి పోయేదాకా గడప మీద నిలబడి, గౌను ఒక చేత్తో వెడల్పుగా పట్టుకుని, లోపల కూర్చున్న తమ్ముడి కాళ్ల మీద ఎండ పడకుండా అడ్డం పెట్టింది.