సల్వింగ్ వెయ్యని సూది

డెల్ఫినా అయిదో కాన్పులో బతికి బట్టకట్టిందంటే అది సల్వింగ్ పిడికిలి చలవేనని సముద్రపొడ్డు పల్లె సాన్ వలెరియోలో అందరికీ తెలుసు. బిడ్డ తేలిగ్గానే భూమ్మీద పడింది, మాయ కూడా పడింది, రక్తమే ఆగలేదు. ఆ ఊరి హెల్త్ స్టేషన్‌లో ఎన్నో ఏళ్ళుగా పురుళ్ళు పోస్తున్న సల్వింగ్ ఇంకేమీ ఆలోచించలేదు. ఒక చెయ్యి లోపల పెట్టి, రెండోదాంతో పొత్తికడుపు అదిమి, గర్భసంచిని రెంటి మధ్యా నొక్కిపట్టి, అలాగే, ఊళ్ళ మధ్య జనాన్ని తిప్పే జీప్నీ బండి ఎక్కింది. గుంతల రోడ్డు మీద పెద్దాసుపత్రి దాకా ఆ పట్టు వదల్లేదు. చెయ్యి మోచేతి దాకా చచ్చుబడిపోయింది. డాక్టరు వచ్చి, "ఇక తియ్యమ్మా, మేం చూసుకుంటాం" అన్నాకే తీసింది.

ఆ పిల్ల జ్ఞానస్నానానికి జ్ఞానతల్లిగా నిలబడింది కూడా సల్వింగే. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరినొకరు "మారే" అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. పిల్లను కన్న తల్లీ, దేవుడి ముందు ఎత్తుకున్న తల్లీ అక్కడ అలాగే పిలుచుకుంటారు. అది చుట్టరికంకన్నా గట్టిది. పొద్దున్నే డెల్ఫినా మొగుడు తియోఫిలో పడవ ఒడ్డుకి చేరగానే మంచి చేప ఒకటి సల్వింగ్ ఇంటికి వచ్చేది. సల్వింగ్ పెరట్లో చామాకులు కొబ్బరిపాలలో ఉడికిన రోజున సగం గిన్నె డెల్ఫినా ఇంటికి పోయేది. ఊళ్ళో సంగతులు, అత్తగారి సంగతులు, ఓడలో వంటవాడిగా పనిచేసే సల్వింగ్ మొగుడు ఫోన్లో చెప్పిన సంగతులు, అన్నీ ఆ గిన్నెలతో పాటే అటూ ఇటూ తిరిగేవి.

పెద్దాసుపత్రి డాక్టరు డెల్ఫినాను ఇంటికి పంపేటప్పుడు ఒకే మాట చెప్పాడు. ఇంకో కాన్పు వస్తే మేం హామీ ఇవ్వలేం, మీ ఊరి మిడ్‌వైఫ్‌నడిగి కడుపు రాకుండా మూణ్ణెల్లకోసారి వేసే సూది వేయించుకోమన్నాడు.

చంటిపిల్లలకి టీకాలు వేసే రోజు పొద్దున డెల్ఫినా స్టేషన్‌కి వచ్చింది. వరండా బల్ల మీద తల్లులు పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్నారు. ఉప్పు చేబదులడిగినంత మామూలుగా అడిగింది.

"మారే, ఆ మూణ్ణెల్ల సూదేదో నాకూ వేసెయ్యి."

"అది నేను వెయ్యనని నీకు తెలుసు కదే."

"అందరికీ వెయ్యవని తెలుసు. నేను అందర్లో దాన్నా?"

సల్వింగ్ నవ్వింది. టౌను నుంచి ఆ సీసాలు వచ్చిన ప్రతిసారీ ఆమె వాటిని ఫ్రిజ్ పక్క అలమరలో జాగ్రత్తగా సర్దేది, గడువు తీరగానే జాగ్రత్తగా తిరిగి పంపేది. ఒక్కటి కూడా విప్పలేదు. వాళ్ళమ్మ చర్చిలో పిల్లలకు జపాలు నేర్పిన మనిషి. బిడ్డ రాకకు అడ్డు నిలబడకూడదన్నది సల్వింగ్ మీద ఎవరూ రుద్దిన మాట కాదు. ఆమె దాన్ని అన్నం తిన్నంత సహజంగా నమ్మింది. చట్టం కూడా ఆమెకు ఆ వెసులుబాటు ఇచ్చింది. వెయ్యను అనొచ్చు, కాకపోతే వేసేచోటు ఎక్కడుందో చెప్పి పంపాలి.

"నీకు రోజుల లెక్క నేర్పుతాను. ఏ రోజులు మంచివో, ఏవి కావో. తియోఫిలోతో కూడా నేనే మాట్లాడతాను," అంది.

"బానే ఉంది. వెన్నెల రోజుల్లో చేపలు పడవు, ఆ రోజుల్లో మా ఆయన ఇల్లు కదలడు. నీ లెక్కకీ చందమామకీ పొత్తు కుదురుతుందో లేదో ముందు కనుక్కో."

బల్ల మీద ఆడవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సల్వింగ్ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి డెల్ఫినాకి ఇంకాస్త ఊపొచ్చింది.

"నువ్వంటే ముగ్గురితో ఆగావు. ఎలా ఆగావో ఊరందరికీ తెలుసు. మీ ఆయన ఓడెక్కితే రెండేళ్ళకి గానీ దిగడు. నీకు ఓడే మందు. మా ఆయన పడవ తెల్లారేసరికి గుమ్మంలో ఉంటుంది."

ఈసారి ఎవరూ నోళ్ళు కప్పుకోలేదు, బల్ల మొత్తం ఘొల్లుమంది. సల్వింగ్ చెవులు వేడెక్కాయి. అందులో అబద్ధం లేదు కాబట్టే అంత గుచ్చుకుంది. అప్పుడామె నోటి నుంచి వచ్చిన మాట తర్వాత ఎన్నోసార్లు ఆమెకే వినపడింది.

"చావుకి భయపడ్డంతలో సగం దేవుడికి భయపడితే ఈ మందుల అవసరం రాదు. నిన్ను బతికించింది ఆయన. ఆయనిచ్చేదాన్ని వద్దనడానికి నా చెయ్యే దొరికిందా నీకు? కావాలంటే టౌనుకెళ్ళు. అక్కడ వేస్తారు. నిన్నెవరూ ఆపరు."

నవ్వులు ఆగిపోయాయి. డెల్ఫినా పిల్లని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"సరే మారే," అని లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం జపమాలలో సల్వింగ్ డెల్ఫినా పేరు చెప్పి ప్రార్థించింది. మాట కాస్త దురుసుగా వచ్చిందనుకుంది గానీ, చేసింది తప్పనుకోలేదు. టౌనుకి వెళ్ళే ఉంటుందిలే, వేయించుకునే ఉంటుందిలే అనుకుంది. అడగలేదు మాత్రం. అడిగితే ఆ పనిలో తనకూ పాలున్నట్టవుతుందేమోనని ఒక జంకు. చేప వచ్చేది, కానీ డెల్ఫినా తేవడం మానేసింది. పెద్దకూతురు క్లారిటా తెచ్చి గుమ్మంలో పెట్టి బడికి పరిగెత్తేది. తర్వాత వానలు పట్టుకున్నాయి. పడవలు ఒడ్డెక్కాయి, చేపలూ ఆగిపోయాయి.

వానలు తెరిపిచ్చాక ఒక రోజు సల్వింగ్ ఇసుక ఒడ్డున నడుస్తూ, వెదురు తడికల మీద చేపలు ఎండబెడుతున్న డెల్ఫినాను చూసింది. వంగినప్పుడు కనపడలేదు. నడుం పట్టుకుని లేచినప్పుడు కనపడింది.

"ఎన్నో నెల?" అంది సల్వింగ్.

"ఆరో, ఏడో. లెక్కల్లో నేను ముందు నుంచీ మొద్దునే కదా," అంది డెల్ఫినా, తడికె మీద చేపను తిరగేస్తూ.

ఆ తర్వాత సల్వింగ్ రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళింది. రెండుసార్లూ క్లారిటా గుమ్మంలోకి వచ్చి, అమ్మ పడుకుందని చెప్పింది. పెద్దాసుపత్రికి ఫోను చేసి, ఫలానా మనిషి వస్తుంది, రక్తం సిద్ధంగా ఉంచండని బతిమాలుకుంది. అంతకుమించి చెయ్యడానికి ఆమెకేమీ మిగల్లేదు.

నెలలు నిండకముందే, చేపలు కోస్తూ కూర్చున్న చోటే డెల్ఫినాకి రక్తం పోవడం మొదలైంది. ఆ సమయంలో సల్వింగ్ స్టేషన్ వరండా కడుగుతోంది. జీప్నీ వస్తున్న చప్పుడుకి తలెత్తింది. లోపల తియోఫిలో ఒళ్ళో డెల్ఫినా తల, క్లారిటా చేతుల్లో తడిసిన దుప్పట్లు. డ్రైవరు అలవాటుగా స్టేషన్ ముందు వేగం తగ్గించాడు. సల్వింగ్ చీపురు పడేసి రోడ్డు మీదికి ఉరికింది.

"పోనీ, ఆపొద్దు," అన్నాడు తియోఫిలో లోపలి నుంచి.

బండి పోయింది. బురద చింది ఆమె గౌను మీద పడింది. అలాగే నిలబడిపోయింది.

డెల్ఫినా బతికింది. మాయ దారికి అడ్డంగా అతుక్కుపోయిందట, గర్భసంచి తీసెయ్యక తప్పలేదట. పుట్టిన మగబిడ్డ ఇంత పిసరంత ఉండి అద్దాల పెట్టెలో చాలా రోజులున్నాడు. వాడూ బతికాడు. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి డెల్ఫినా మనిషి సగమైంది. బిందె ఎత్తలేదు, వంగి ఇల్లు ఊడవలేదు. క్లారిటా బడి మానేసింది.

సల్వింగ్ మునగాకు వేసి కోడి పులుసు కాచి, గిన్నె గుడ్డలో మూటగట్టుకుని వెళ్ళింది. ఈసారి డెల్ఫినానే గుమ్మంలోకి వచ్చింది. స్టూలు తుడిచి వేసింది.

"కూర్చోండి మేడమ్."

ఆ "అండి" విని సల్వింగ్‌కి గిన్నె ఎక్కడ పెట్టాలో తోచలేదు. డెల్ఫినా మాటలో వెటకారం లేదు. టౌను నుంచి వచ్చిన అధికారులతో మాట్లాడేటప్పుడు ఎంత మర్యాదగా మాట్లాడుతుందో అంతే మర్యాదగా మాట్లాడింది.

"నన్ను తిట్టు డెల్ఫినా. నాలుగు మాటలు అను."

"ఎందుకండీ? మీరు నమ్మింది మీరు చేశారు. అంతకు ముందు నా ప్రాణం నిలబెట్టింది కూడా మీరే. నేను మర్చిపోతానా?"

"టౌనుకి వెళ్ళలేదా నువ్వు?"

"వెళ్ళాను. రెండుసార్లు." డెల్ఫినా ఒళ్ళోని పిల్లాడి మూతి తుడిచింది. "మొదటిసారి ఆ సూది వేసేవాళ్ళు ఏదో ట్రైనింగుకి పోయారన్నారు. రెండోసారి చంటిదానికి విరేచనాలు, దాన్ని చంకనేసుకునే వెళ్ళాను. అక్కడ కూర్చున్నావిడ, ఏ ఊరంటే చెప్పాను. మీ స్టేషన్‌లో సరుకు మగ్గుతుంటే ఇక్కడికెందుకొచ్చావు, మీ మిడ్‌వైఫ్ ఎందుకు వెయ్యలేదు, నువ్వేం చేశావు అని అందరి ముందూ అడిగింది. ఏం చెప్పను? మిమ్మల్ని పేరు పెట్టి అనబుద్ధి కాలేదు. చంటిది ఏడుస్తోంది. లేచి వచ్చేశాను. తర్వాత వానలు."

సల్వింగ్ గిన్నె నేల మీద పెట్టింది.

"అప్పుడు మాత్రం పక్కన మీరుంటే బాగుండుననిపించింది మేడమ్. సూది వెయ్యడానికి కాదు. ఊరికే, పక్కన."

"ఆ రోజే నేను ఆ సూది వేసి ఉంటే..."

"ఆ మాటనకండి." డెల్ఫినా పిల్లాడిని గుడ్డతో కప్పింది. "వీడు నా ఒళ్ళో ఉన్నాడు."

సల్వింగ్ పశ్చాత్తాపం ఎటు నుంచి మొదలుపెట్టినా చివరికి ఆ పిసరంత పిల్లాడి దగ్గరికే వచ్చి ఆగిపోయేది. వాడు లేకుండా ఉంటే బాగుండేదని ఎలా అనుకుంటుంది? వాళ్ళమ్మ ఇలా అయిపోకుండా ఉంటే బాగుండేదని అనుకోకుండా ఎలా ఉంటుంది? లేచేముందు, పొద్దుటిపూట పిల్లాడిని తన దగ్గర ఉంచుకుంటానని, క్లారిటా మళ్ళీ బడికి పోవచ్చని అంది.

"మాకు అలవాటైపోయిందండీ," అంది డెల్ఫినా. ఆ మాట కూడా మర్యాదగానే అంది.

మర్నాడు క్లారిటా గిన్నె తెచ్చిచ్చింది. శుభ్రంగా తోమి ఉంది. అందులో ఏమీ లేదు. ఆ ఇంటి నుంచి ఖాళీ గిన్నె రావడం అదే మొదటిసారి.

సల్వింగ్ నమ్మకం మారలేదు. మార్చుకోవాలని చూసింది కూడా, కానీ అది గౌను మార్చుకున్నంత సులువుగా మారేది కాదు. టౌను ఆఫీసుకి వెళ్ళి, తాను వెయ్యదు గనక వేసే మనిషిని వారానికోసారి సాన్ వలెరియోకి పంపమని పట్టుబట్టి అడిగింది. రోవెనా అనే నర్సు రావడం మొదలైంది. ఆమె లోపల సూదులు వేస్తుంటే సల్వింగ్ పెరట్లో పిల్లల్ని తూకం వేసేది. రోవెనాకి భోజనం తనే వండిపెట్టేది. ఇది ముందే చేయించొచ్చు కదా అని ఊళ్ళో ఎవరూ అనలేదు. తనే అనుకునేది.

ఒక వారం వాగు పొంగి వంతెన కొట్టుకుపోయింది. రోవెనా రాలేకపోయింది. కొండవైపు నుంచి ఐలీన్ అనే పిల్ల, పట్టుమని ఇరవై రెండేళ్ళు లేవు, ఒకణ్ణి చంకనేసుకుని, ఇంకోదాన్ని అత్త దగ్గర వదిలి నడిచొచ్చింది. విషయం విని వరండాలో చతికిలబడింది.

"మనాయ్, ఆ సీసాలు అలమరలోనే ఉన్నాయి కదా. మీకు సూది వెయ్యడం రాకనా?" అంది. పెద్దాడవాళ్ళని అక్కడ మనాయ్ అంటారు.

"వచ్చు. వెయ్యలేనే తల్లీ."

"వచ్చేవారం దాకా ఆగాలంటే మా ఆయన రేపే మనీలా నుంచి దిగుతున్నాడు," అని ఐలీన్ తల వంచుకుంది.

సల్వింగ్ కాసేపు అలమర వైపు చూసింది. తాళంచెవి జేబులోనే ఉంది. చెయ్యి జేబు దాకా వెళ్ళింది కూడా. తర్వాత ఆ చెయ్యి గోడకున్న గొడుగు అందుకుంది.

"లే. నేను కూడా వస్తాను."

వంతెన దాకా ఒక జీప్నీ, అప్పుడే పరిచిన పలకల మీద నడిచి వాగు దాటి అవతల ఇంకోటి. వాగు దగ్గర పిల్లాడిని సల్వింగ్ ఎత్తుకుంది. టౌను ఆఫీసులో బల్ల వెనకున్నావిడ ఊరి పేరు వినగానే కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"మీ దగ్గర సరుకుంది కదా. ఈ వానలో ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?"

"ఉంది. వెయ్యనన్నది నేను," అంది సల్వింగ్. గదిలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. "ఈ పిల్లని ఏమీ అడక్కండి. అడగాలనుకుంటే నన్నడగండి."

ఎవరూ అడగలేదు. ఐలీన్‌ని లోపలికి పిలిచారు. సల్వింగ్ పిల్లాడిని ఒళ్ళో వేసుకుని బల్ల చివర కూర్చుంది. గోడకి గడియారం, కిటికీలోంచి వాన, ఎదురుగా ఎవరో ముక్కు మొహం తెలియని ఆడవాళ్ళు. ఇక్కడే ఎక్కడో డెల్ఫినా కూర్చుని ఉంటుంది. ఏడుస్తున్న పిల్లతో, జవాబు చెప్పలేక, సల్వింగ్ పేరు బయట పెట్టలేక.

ఐలీన్ భుజం రుద్దుకుంటూ బయటికొచ్చింది.

"అయిపోయింది మనాయ్. మీకు నా మీద కోపమా?"

"లేదు. ఆకలేస్తోందా?"

"వేస్తోంది."

బజారులో నూడుల్స్ తిన్నారు. ఐలీన్ రెండో ప్లేటు కూడా తింది. తిరుగు జీప్నీలో ఆమె కిటికీకి తలానించి నిద్రపోయింది, పిల్లాడు సల్వింగ్ ఒళ్ళో నిద్రపోయాడు. చెయ్యలేనిది చెయ్యకుండానే చెయ్యగలిగింది చెయ్యొచ్చునని, దానికి కావలసింది ఒక గొడుగూ ఒక పూటానేనని, ఇంత ఆలస్యంగా తెలిసింది సల్వింగ్‌కి. ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. ఊళ్ళో ఎవరికి చెబితే అర్థమవుతుందా అని ఒక్కొక్కరినే తలచుకుంటూ పోయింది. ఇలాంటివి చెప్పుకోవడానికి ఆమెకి మొదటి నుంచీ ఉన్నది ఒక్క మనిషే.