ఆకుపచ్చది నొక్కు

"ఆకుపచ్చది నొక్కు తాతా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

బజారు ఆఫీసు కిటికీ అవతలనుంచి గుమాస్తా ఒబియెరోతో ఆ మాట అన్నాడు. ఒబియెరోకు పుట్టినప్పటినుంచీ చూపు లేదు. యాభై ఏళ్ళుగా కుర్చీలకు నార అల్లుతున్నాడు. ఆకుపచ్చ అంటే ఏమిటని అడిగితే, జనం బాగా మెచ్చుకునే రంగేదో అయ్యుంటుందని చెప్పగలడు. అంతే.

"అది ఎక్కడుంటుంది బాబూ?"

"ఎర్రదాని పక్కన."

వరసలో అతని వెనక నిలబడ్డ అవోకోకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. ఆమె చూపు ఏడేళ్ళప్పుడు జ్వరం పట్టుకుపోయింది. అందుకని ఎరుపూ ఆకుపచ్చా రెండూ గుర్తే. గుర్తుండి ఒరిగిందేమీ లేదు.

రేవు బజారులో బస్టాండు వైపు మొదటి వరస ఇరవై బల్లలూ వికలాంగులవి. పదకొండేళ్ళ కిందట రోడ్డు మీద కూర్చుని సాధించుకున్నవి. ఏడో బల్ల అవోకోది. దాని మీద ఒమేనా అనే చిన్న ఎండుచేపలు డబ్బాతో కొలిచి అమ్ముతుంది. అది పోతే ఆమెకు మిగిలేది ఆ డబ్బా. బల్ల తమ పేరున ఉండాలంటే ఏటా కాగితం మీద వేలిముద్ర వేస్తే పని అయిపోయేది. ఈ ఏడు కాగితం రద్దు, అంతా వెబ్‌సైటే. శుక్రవారం మధ్యాహ్నంలోగా పేరెక్కనివాళ్ళ బల్లలు వేరేవాళ్ళకు రాసేస్తారు. ఆ వేరేవాళ్ళెవరో ఎవరూ చెప్పనక్కర్లేదు. పెద్ద దుకాణాలవాళ్ళ గోనెలు అప్పుడే వరస వెనక దిగాయి. వాటికి తగలకుండా నడవడం అవోకో కర్రకు రెండు రోజులుగా కొత్త చదువు.

"మూడు రోజులనుంచి వస్తున్నాను బాబూ," అన్నాడు ఒబియెరో. "ఆ రాసేదేదో నువ్వే..."

"పక్కకి లాగవయ్యా ఈయన్ని!"

కాపలావాడి బూట్లు వచ్చాయి. చొక్కా చిరిగిన చప్పుడు, మనిషి మెట్ల మీద పడ్డ చప్పుడు, ఆ పైన ఫటేల్మని ఇంకో చప్పుడు. అవోకో ఊపిరి బిగబట్టింది. విరిగింది ఎముక కాదు, తెల్లకర్ర అని తెలిశాక వదిలింది. వరసలో ఎవరూ కిక్కురుమనలేదు. ఆమె కూడా అనలేదు. ఆ సంగతి సాయంత్రం దాకా ఆమెను వదల్లేదు.

*

ఆ సాయంత్రం చేపలు వేయించే పాక వెనక ఇరవైమందీ కూడారు. కూడారంటే శాంతంగా కూర్చున్నారని కాదు.

"ఇది గుడ్డివాళ్ళ గొడవ," అన్నాడు ఒకుమూ. చెప్పులు కుడతాడు. కాళ్ళు చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పే మూడుచక్రాల బండి మీద తిరుగుతాడు. "నాకు కళ్ళున్నాయి. ఇలా పారెయ్యండి ఫోన్లు. అందరివీ నేను నింపిపెడతా."

"నీదయిందా అన్నా?" అంది అవోకో.

బండి గొలుసు కిర్రుమంది.

"కాలేదు."

"ఎందుకు కాలేదో, కళ్ళున్న దొరా?"

"రెండు నిమిషాల్లో నింపెయ్యాలట. లేకపోతే పేజీ మూసుకుపోతుంది. నా వేళ్ళు సరిగ్గా వంగవు కదా. మా నాన్న పేరు సగం కొట్టేసరికి మూసేశాడు ఎదవ. నాలుగుసార్లు. మా నాన్న పేరు కూడా పొడుగే, ఏం చేస్తాం!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎవరో గట్టిగా బల్ల చరిచారు. బట్టలు కుట్టే అదోంగో. ఆమెకు వినపడదు, మాట రాదు. ఆమె చేతులు చెప్పేది పక్క మిషను రోదా చూసి, నోటితో చెబుతుంది.

"అదోంగో అంటోంది," అంది రోదా, "నేను రెండు నిమిషాల్లోనే నింపాను. ఆఖర్న ఒక అంకె కొట్టాలి. ఆ అంకె మనిషి ఫోన్ చేసి గొంతుతో చెబుతాడట. ఫోన్ వణికింది. ఎత్తాను. ఎత్తి ఏం చెయ్యను, ముద్దు పెట్టుకోనా?"

ఈసారి నవ్వు తొందరగా ఆగిపోయింది. అవోకో లేచి నిలబడింది.

"వింటున్నారా? గుడ్డిదాన్ని రంగు చూడమన్నాడు. చెవిటిదాన్ని వినమన్నాడు. వేళ్ళు వంగనివాణ్ణి తొందరపడమన్నాడు. ఎవరికి ఏది లేదో కనుక్కుని మరీ అదే అడిగాడు. ఇది తెలియక చేసిన పనయితే, తెలియకపోవడానికి బోలెడు తెలివి కావాలి!"

ఫోన్ పైకెత్తి దాని గొంతు పెంచింది. వేలు ఎక్కడ ఆనితే అక్కడున్నది చదివే ఆ గొంతును వరసలో అందరూ దొరసాని అంటారు. పదకొండేళ్ళుగా అవోకో పేరు ఆవిడ ఒక్కసారీ సరిగ్గా పలకలేదు. అయినా ఉత్తరాలూ కబుర్లూ చేపల ధరా అన్నీ చదివి పెడుతుంది. ఇప్పుడు ఆ వెబ్‌సైటు పేజీ మీద ఏం చదివిందంటే:

"బటన్. బటన్. బొమ్మ. బటన్. బొమ్మ. బటన్."

"ఏం బటన్ అమ్మా?" అన్నాడెవడో.

"అదే చెప్పదు. ప్రతి బటన్‌కీ లోపల దాని పేరు రాసిపెడితే ఈవిడ చదువుతుంది. రాయడానికి ఎంతసేపు? చపాతీ తిన్నంతసేపు. రాయలేదు. కాంట్రాక్టు తీసుకున్నవాడికి రాసే తీరిక లేదు, ఇచ్చినవాడికి అడిగే తీరిక లేదు."

"అర్జీ పెడదాం," అంది రోదా.

"ఎక్కడ పెడతావు? అర్జీలూ వెబ్‌సైటులోనేనట."

అప్పటిదాకా నోరు విప్పని ఒబియెరో గొంతు సవరించుకున్నాడు. "మూడు రోజులు మర్యాదగా అడిగాను. కర్ర పోయింది. మర్యాద ఇంకా మిగిలుంది. దాన్నేం చెయ్యాలో మీరే చెప్పండి."

"దాచుకో తాతా," అంది అవోకో. "రేపు దానితో పని లేదు. వాళ్ళ సైటు మనతో ఎట్లా మాట్లాడిందో, రేపు మనమూ వాళ్ళతో అట్లాగే మాట్లాడదాం."

*

గురువారం కిటికీ తెరిచేసరికి ఇరవైమందీ వరసలో ఉన్నారు. వెనక చేపలమ్మే ఆడవాళ్ళు, బస్సులకు మూటలెత్తేవాళ్ళు. వీళ్ళు మొదట తమాషా చూద్దామనే వచ్చారు.

"పేరు?" అన్నాడు గుమాస్తా.

"బటన్," అన్నాడు ఒబియెరో.

"ఏంటీ?"

"బటన్."

"ఏ పని మీద వచ్చావు తాతా?"

"బొమ్మ."

"తర్వాత! నీ పేరు?"

"బటన్," అంది అవోకో. "దాని పక్కది కూడా బటన్."

మూటలెత్తేవాళ్ళకు ముందు అర్థమైంది. వాళ్ళు నవ్వారు, తర్వాత వాళ్ళూ అందుకున్నారు. అరగంటలో ఆఫీసు రేకుల కప్పు కింద ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ వినపడలేదు. గుమాస్తా కిటికీ మూస్తే కిటికీ మీద బాదారు.

చివరికి బజారు డైరెక్టరు దిగాడు. అతని వెనకే మొదట సెంటు వాసన, తర్వాత సైటు చేసిన కాంట్రాక్టరు వచ్చారు.

"మా పని నిఖార్సయినది," అన్నాడు కాంట్రాక్టరు. "మా కుర్రాళ్ళ కళ్ళకు గంతలు కట్టి మరీ పరీక్ష చేశాం. నిమిషంన్నరలో నింపేశారు!"

"ముక్కు పక్కనుంచి చూసుంటారు," అందో చేపలావిడ.

అవోకో తలగుడ్డ విప్పి చాచింది. "ఇదిగో. చేపల వాసన కొడుతుంది, ఓర్చుకో. నీ కళ్ళకు నేను కడతాను. నా ఫోన్ తీసుకుని నా పేరు ఎక్కించు. ఎక్కిస్తే ఏడో బల్ల నువ్వే తీసుకో."

సెంటు వాసన రెండడుగులు వెనక్కి పోయింది.

"మీకేం కావాలి?" అన్నాడు డైరెక్టరు.

"కాగితం మళ్ళీ తెరవండి. సైటు బాగయ్యేదాకా ఒక్క బల్ల ముట్టొద్దు. బాగయిందని చెప్పేది గంతల కుర్రాళ్ళు కాదు. మేం వాడి చూసి మేం చెబుతాం."

డైరెక్టరు గొంతులో తేనె పోసుకున్నాడు. "చూపున్నవాళ్ళ సంగతి వేరు. బండ్లవాళ్ళు, మిషన్లవాళ్ళు ఇటు రండి. ఇప్పుడే ఇక్కడే నేనే రాయించేస్తాను. చూపు లేనివాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు, చెప్పులాయనా! ఎనిమిదో బల్ల నీదే కదూ? పేరు చెప్పు."

బండి గొలుసు కదిలింది. చక్రాలు అవోకో పక్కనుంచే ముందుకు పోయాయి. ఒకుమూకు ముగ్గురు పిల్లలు. పోనీ అనుకుందామని చూసింది. మనసు రాలేదు.

చక్రాలు ఆగాయి.

"సార్," అన్నాడు ఒకుమూ, "బటన్."

ఆ తర్వాత లేచిన అరుపుకు బస్టాండులో డ్రైవర్లు బండ్లు ఆపుకుని వచ్చారు.

పోలీసులూ వచ్చారు. అవోకోనూ ఒబియెరోనూ వ్యానులోకి తోశారు. ఒకుమూని కూడా ఎక్కించబోయారు గాని, వ్యానులోకి అతని బండి ఎక్కించే దారి లేదు. విసిగి వదిలేశారు. అరెస్టుకు కూడా మేం పనికిరామా అని దానికీ తిట్టాడతను.

*

శుక్రవారం పొద్దున బజారులో పక్క వరసలో అమ్మే పెరెస్ జొన్నజావ పట్టుకుని ఠాణాకు వచ్చింది. ఊచల్లోంచి గిన్నె అందిస్తూ ఒకటే మాటలు.

"నీ బల్ల మీద నేనే కూర్చుని వచ్చానక్కా. ఇప్పుడు మా చెల్లి కూర్చుంది. ఇరవై బల్లల మీదా మనుషులే. వరస మొగదల ఒకుమూ బండి అడ్డం పెట్టాడు. కూలీలు గోనెలు లోపలికి మొయ్యం అన్నారు. ఏ బల్ల ఎవరికి రాశారో పేర్లు చదివే ఆఫీసరింకా రాలేదు. వస్తే ఏం చదువుతాడో చూద్దాం."

"మరి వరస వెనక దిగిన గోనెలు?"

"తీసుకుపోతున్నారు. ఇప్పటికి రెండే పోయాయనుకో."

ఇన్‌స్పెక్టరు కాగితం తెచ్చాడు. ఇక ఇలాంటి అల్లరి చెయ్యబోమని వేలిముద్ర వేస్తే ఇద్దరినీ వదిలేస్తాడట.

"చదివి వినిపించండి," అన్నాడు ఒబియెరో. విన్నాడు. "బాగా రాశారు. వెయ్యను."

అప్పుడు మొదలైంది. ఠాణా ఇనుప గేటు మీద దడదడమని దెబ్బలు. గోడలు అదిరాయి. గిన్నెలో జావ వణికింది. ఇన్‌స్పెక్టరు బయటికి పరుగెత్తి, అరిచి, తిరిగొచ్చాడు.

"ఎవరు వాళ్ళు? ఆపమంటే ఆపరేం?"

అవోకో చెవి ఒగ్గి విన్నది. తాళం లేదు, లయ లేదు. ఒక్కొక్క దెబ్బా దాని ఇష్టం వచ్చినప్పుడు పడుతోంది. ఒక దెబ్బ వెనక కత్తెర చప్పుడు. ఆమె మొహమంతా నవ్వు పాకింది.

"అదోంగో సార్. ఊళ్ళో బట్టలు కుట్టే చెవిటివాళ్ళందరినీ తెచ్చినట్టుంది. వాళ్ళెంత గట్టిగా కొడుతున్నారో వాళ్ళకు తెలియదు."

"ఆపమని చెప్పు!"

"నేను గుడ్డిదాన్ని. వాళ్ళు చెవిటివాళ్ళు. నేనెట్లా చెప్పను సార్? చేతులతో చెప్పాలి. మీలో ఎవరికన్నా వచ్చా ఆ భాష?"

"రాదు!"

అవోకో గోడకు చేరగిలబడి, జావ గిన్నె ఒబియెరో చేతిలో పెట్టింది.

"నేర్చుకోండి. మాకేం తొందర లేదు."