ఎవరి మనిషివి

బెంగాల్ రేవుపేట వాట్‌గంజ్‌లో తెలుగువాడికి కూలిపని కావాలంటే ముందు సర్దార్ కూర్మయ్య గుమ్మంలో నిలబడాలి. "ముందు నాకు కనబడి, అప్పుడెల్లాల" అంటాడాయన. ఆ మాట వింటేనే మధుబాబుకి ఒళ్లు మండేది. ఒకరోజు ఆయనకి చెప్పకుండా గంగ దాటి షాలిమార్ గూడ్స్ యార్డుకి పోయాడు.

గేటు దగ్గర బెంగాలీ మేస్త్రీ ఎవరి మనిషివని అడిగాడు.

"ఎవరి మనిషినీ కాను దాదా."

"అయితే పక్కకి జరుగు."

ఎండలో అటూ ఇటూ తిరిగాడు. బీడీ ముట్టించి సగంలోనే పారేశాడు. వెనక వచ్చినవాళ్లంతా ఏవో పేర్లు చెప్పి లోపలికి పోతున్నారు. ఉక్రోషం ఆగక మళ్లీ గేటు దగ్గరికొచ్చి, "మధుబాబు మనిషిని" అన్నాడు. ఎవరో కొత్త సర్దార్ అనుకుని మేస్త్రీ గేటు తీశాడు.

ఈ కిటుకు తోటివాళ్లకి నచ్చింది. వర్షాకాలం వచ్చేసరికి చాలామంది మధుబాబు పేరు చెప్పుకునే లోపలికి వెళ్తున్నారు. ఒకనాటి పొద్దున, సోంపేట నుంచి కొత్తగా దిగిన వెంకటరత్నం కూడా అదే పేరు చెప్పి గేటు దాటబోయాడు. వెనకే ఉన్న మధుబాబు అతని చొక్కా పట్టుకుని ఆపాడు.

"ఎవుల్నడిగి ఎల్తన్నావు? ముందు నాకు కనబడి, అప్పుడెల్లాల."