సరిహద్దు మీద రెండు గొట్టాలు

ఠక్, ఠక్.

కళ్లు మూసుకొని బస్సు కిటికీకి తల ఆనించిన ఆమెకు ముందుగా ఆ చప్పుడే వినిపించింది. ముందు చక్రాలకు ఒకటి, వెనుక చక్రాలకు ఒకటి. రబ్బరు మీద బరువు పడితే పుట్టే పొట్టి చప్పుడు. వాహనాల్ని లెక్కపెట్టడానికి దారికి అడ్డంగా పరిచే గొట్టం అది. లెక్క ముగిసి మూడు వారాలైనా, ముందుగా ఎవరు తీయాలన్న వాదన రెండు పట్టణాల మధ్య తెగక, అక్కడే పడి ఉంది. పరిచేటప్పుడు పదిమంది, తీసేటప్పుడు ఒక్కరూ లేరు అనుకొని ఆమె కళ్లు తెరవకుండానే నవ్వుకుంది.

బస్సు నూరడుగులైనా సాగలేదు.

ఠక్, ఠక్.

పెదవి మీది నవ్వు పెదవి మీదే ఆగిపోయింది. ఆమె లేచింది. నిలబడ్డవాళ్లను నెట్టుకుంటూ, సంచులు దాటుకుంటూ, వెనుక అద్దం దాకా వెళ్లింది.

"ఏంటమ్మా, ఏమైనా పడిపోయిందా?" అన్నాడు కండక్టరు.

"అలాగే ఉంది," అంది ఆమె.

దుమ్ము పట్టిన అద్దంలోంచి రెండు నల్లని గొట్టాలు కనిపించాయి. సరిహద్దు బోర్డుకు ఇవతల ఒకటి, అవతల ఒకటి. రెండూ రోడ్డును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కొలిచినట్టు పడుకొని ఉన్నాయి. ఊళ్లోకి వచ్చే సగం దాకా కాదు, పూర్తిగా.

మూడు పురపాలక సంఘాలకు ఉమ్మడిగా ఉన్న రోడ్ల కార్యాలయంలో ఆమె ప్రణాళికాధికారి. పెద్ద పట్టణం, నడిమి పట్టణం, ఏటి పక్కనున్న చిన్న పట్టణం ఏటా పంపే లెక్కల్ని కలిపి, ఏ దారి మీద ఎన్ని బండ్లు తిరుగుతున్నాయో తేల్చడం ఆమె పని. పెద్ద పట్టణానికీ నడిమి పట్టణానికీ మధ్యనున్న ఈ దారి విషయంలో పన్నెండేళ్లుగా ఒక పద్ధతి ఉంది. ఒకరి లెక్క ఒకరు నమ్మరు గనుక, ఎవరి మనిషి వాళ్ల వైపున స్టూలు వేసుకొని కూర్చుని, తమ ఊళ్లోకి వచ్చే బండ్లను మాత్రమే లెక్కపెట్టేవాడు. పోయేవి పక్క ఊరివాడి పద్దులోవి. రెండు కాగితాలూ కలిపితే దారి మొత్తం లెక్క తేలేది.

ఈ ఏడాది స్టూళ్లు పోయి గొట్టాలు వచ్చాయి. గొట్టానికి వచ్చేదేదో పోయేదేదో తెలియదు. తన మీద బరువు పడితే చాలు, పలుకుతుంది. ఒకే లారీ ఇటు ఒకసారి, అటు ఒకసారి లెక్కకెక్కింది. రోజుకు తొమ్మిది వేల రెండు వందలని ఒక పట్టణం రాసింది, అంతే అని రెండో పట్టణమూ రాసింది. ఆమె ఎప్పటిలాగే రెండూ కలిపింది. స్టూళ్లు పోయాయి గానీ చేతి అలవాటు పోలేదు. కార్యాలయంలో కూర్చొని కాగితం చూసిందే తప్ప, ఒక్క పూట దారి మీదికి వచ్చి చూడలేదు.

ఇవాళ పదకొండు గంటలకు మూడు పట్టణాల సమావేశం. ఈ విడతలో పైనుంచి ఒక్క పనికే అనుమతి వస్తుంది. మళ్లీ విడత ఐదేళ్లకు. ఆమె కట్టిన జాబితాలో మొదటిది ఈ సరిహద్దు దారి వెడల్పు పని: పద్దెనిమిది వేల నాలుగు వందలు. రెండోది చిన్న పట్టణపు పాత వంతెన: పదకొండు వేల మూడు వందలు.

పద్దెనిమిదిని సగం చేస్తే ఎంతో చెప్పడానికి ప్రణాళికాధికారి అక్కర్లేదు.

పెద్ద పట్టణం సమావేశ మందిరం ముందు వసారాలో తమ కార్యాలయపు ముఖ్య ఇంజనీరు ఒక్కడే నిలబడి టీ తాగుతున్నాడు. ఎత్తుగా, సన్నగా, ఎటూ వంగకుండా ఉంటాడని కుర్ర ఉద్యోగులు ఆయనకు రూళ్లకర్ర అని పేరు పెట్టారు. ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పిందంతా విన్నాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"మీకే సార్."

"అయితే నా దగ్గరే ఉండనీ. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందమ్మా. రెండు ఊళ్లూ రాసి పంపాయి, నువ్వు కలిపావు, నేను సంతకం పెట్టాను. అయినా ఆ రోడ్డు ఇరుకే కదా? వెడల్పు చేస్తే ఎవరి సొమ్ము పోయింది?"

"వంతెన వాళ్లది."

"వాళ్లది వచ్చేసారి చూద్దాం."

"వచ్చేసారంటే ఐదేళ్లు సార్."

"ఐదేళ్లెంత? నా ముప్పై నాలుగేళ్ల సర్వీసే ఇట్టే పోయింది. ఇంకా రెండు నెలలుంది. ఆ రెండు నెలలూ నన్ను బతకనీ తల్లీ."

ఆయన గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి లోపలికి నడిచాడు. గ్లాసులో టీ సగం అలాగే ఉంది.

ఆమె వసారా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. పెన్ను మూత తీసింది, పెట్టింది, తీసింది.

"ఏం లెక్కలమ్మా! వసారాని కూడా కొలిచేస్తున్నావా?"

మేనమామ. నడిమి పట్టణం అధ్యక్షుడు. వంతు ప్రకారం ఈ ఏడాది ఉమ్మడి సమావేశానికీ ఆయనే అధ్యక్షుడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, ఇస్త్రీ మడత ఇంకా విడలేదు. ఆమెకు ఆరేళ్లప్పుడు తండ్రి పోతే, అక్కనూ మేనకోడలినీ తన ఇంటికి తెచ్చుకున్న మనిషి. ఈ సరిహద్దు దారి మీదే, లారీల పొగలో, స్కూటరు ముందు నిలబెట్టుకొని ఆమెను బడికి తీసుకువెళ్లేవాడు. ఒక లారీ ఆగితే ఊరంతా ఆగిపోయే ఆ ఇరుకులో, "నువ్వు పెద్దయ్యేలోగా ఈ రోడ్డు పెద్దది చేయిస్తా చూడు," అనేవాడు. ఆమె పెద్దదైంది. రోడ్డు అలాగే ఉంది.

"మామయ్యా, ఒక్క నిమిషం ఇటు రా," అంది.

చెప్పింది. రెండుసార్లు చెప్పవలసి వచ్చింది, మొదటిసారి ఆయన నవ్వుతూ విన్నాడు గనుక.

"ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే తెలిసింది."

"బస్సులో నిద్రపోయి ఉంటే తెలిసేది కాదుగా?"

ఆమె పెన్ను మూత బిగించింది.

"నిద్రపోయావనుకో. ఇంకో మూడు గంటలు నిద్రపో. అంతకంటే అడగను." ఆయన గొంతు తగ్గింది. "ఎనిమిదేళ్లు తిరిగాను చిట్టీ. ఎక్కని మెట్టు లేదు, మొక్కని మనిషి లేడు. పొద్దున బయల్దేరుతుంటే వీధిలో ప్రతి కొట్టువాడూ బయటికొచ్చి చెయ్యి ఊపాడు. సాయంత్రం వాళ్లకి ఏం చెప్పను? మా మేనకోడలు కూడిక తప్పు చేసిందనా?"

ఆయన కసురుకుంటే ఆమెకు తేలికగా ఉండేది. ఆయన బతిమాలాడు. అన్నేళ్లలో ఆమె దగ్గర ఆయన చెయ్యి చాచి అడిగింది లేదు. ఇవ్వాలనే ఆమె మనసు ముందు ఎగబడింది. గంట మోగింది. ఇద్దరూ లోపలికి వెళ్లారు, ఒకరి వెనుక ఒకరు.

మూడు బల్లలు మూడు వైపులా వేశారు. పెద్ద పట్టణం తరఫున వచ్చిన ఉపాధ్యక్షుడు ఫోను చూసుకుంటున్నాడు. మైకు గరగరమంటోంది, ఫ్యాను కటకటమంటోంది. చిన్న పట్టణం కుర్చీ ఖాళీగా ఉంది. పది నిమిషాలు గడిచాక తలుపు తోసుకొని ఒక పొట్టి ముసలావిడ వచ్చింది. లెక్కల టీచరుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత అధ్యక్షురాలైంది. ఊళ్లో ఇప్పటికీ అందరికీ టీచరమ్మే. చెప్పుల నిండా దుమ్ము.

"ఆలస్యమైంది, ఏమనుకోకండి. వంతెన దగ్గర బస్సు దించేసింది. ఖాళీ బస్సు ముందు పాకుతుంది, మేం వెనకాల నడుస్తాం, అవతలి గట్టున మళ్లీ ఎక్కుతాం. మా ఊళ్లో టిక్కెట్టు కొంటే నడక ఉచితం."

"ఆరోగ్యానికి మంచిదే కదండీ," అన్నాడు ఉపాధ్యక్షుడు, ఫోను మీంచి కళ్లెత్తకుండా.

"మంచిదే నాయనా. మొన్న నిండు నెలల పిల్ల కూడా నడిచింది, ఎంత ఆరోగ్యమో! అగ్నిమాపక బండి మాత్రం నడవలేదు కదా, దానికి ఇరవై రెండు కిలోమీటర్ల చుట్టుదారి చూపిస్తున్నాం."

ఉపాధ్యక్షుడు ఫోను జేబులో పెట్టాడు.

కార్యదర్శి జాబితా చదవడం మొదలుపెట్టాడు. పేజీ తిరిగినప్పుడల్లా ప్రణాళికాధికారి కుర్చీలో అటు జరిగింది, ఇటు జరిగింది. మింగలేదు, కక్కలేదు. ఎదుట రూళ్లకర్ర పైకప్పు కేసి చూస్తున్నాడు. పక్కన మేనమామ బల్ల మీద చూపుడువేలితో ఏవో గీతలు గీస్తున్నాడు. పద్దెనిమిది వేల నాలుగు వందలన్న అంకె మైకులోంచి వచ్చి గదంతా నిండింది.

"చిన్న పట్టణం అభిప్రాయం?" అన్నాడు కార్యదర్శి.

ఆమె ఆశపడింది. టీచరమ్మ గొడవ పెడుతుంది, లెక్క చూపించమంటుంది, అప్పుడు తప్పు దానంతట అదే బయటపడుతుంది.

టీచరమ్మ కళ్లజోడు సర్దుకొని కాగితం మీద వేలు ఆనించింది. "మాది పదకొండు, మీది పద్దెనిమిది. నలభై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను. అంకెతో ఎప్పుడూ పోట్లాడలేదు, ఇప్పుడూ పోట్లాడను. మావాళ్లకి సర్దిచెప్పుకుంటాను. ఇంకో ఐదేళ్లు నడుస్తాం." వేలు తీసేసి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"అయితే అభ్యంతరాలు లేనట్టే," అన్నాడు మేనమామ, తొందరగా.

కుర్చీ కిర్రుమంది. లేచింది తనేనని ప్రణాళికాధికారికి ఆ చప్పుడు విన్నాకే తెలిసింది.

"ఆ అంకె తప్పు."

ఆమె అంతా చెప్పింది. స్టూళ్ల సంగతి, గొట్టాల సంగతి, ఒకే బండి రెండుసార్లు పలికిన సంగతి. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అయినా ఆగలేదు.

"అంటే మా ఊరి లెక్క తప్పంటారా?" ఉపాధ్యక్షుడు లేచాడు.

"మీ లెక్క ఒప్పే. వాళ్ల లెక్కా ఒప్పే. రెండూ కలపడమే తప్పు."

"పన్నెండేళ్లు కలిపారుగా!"

"అప్పుడు కలపాలి. ఇప్పుడు కలపకూడదు."

"బాగుందండీ! కలిపేదీ మీరే, విడగొట్టేదీ మీరే. ఇంక మేమెందుకు, టీ తాగడానికా?"

మూడు బల్లల మీంచీ ఒకేసారి మాటలు లేచాయి. టీచరమ్మ మాత్రం మడత పెట్టిన కాగితం విప్పి, వెనుక వైపున పెన్సిలుతో ఏదో వేసి, కొట్టేసి, మళ్లీ వేసింది. "తొమ్మిది వేల రెండు వందలు," అంది మెల్లగా, "పిల్ల చెప్పింది నిజం."

మేనమామ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. గోల అణిగింది. ఆయన మేనకోడలి వైపు చూడలేదు. "ఆఫీసు పొరపాటు అని రాయండి. మనిషి ప్రసక్తి ఎందుకు?"

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "ఆఫీసు అని రాస్తే జాబితా మొత్తం మళ్లీ పరిశీలనకి పోవాలండీ. తక్కువలో తక్కువ మూడు నెలలు. పైకి పంపడానికి గడువు ఇవాళ సాయంత్రం ఐదు. ఈ విడత ముగ్గురికీ పోతుంది, రోడ్డూ పోతుంది, వంతెనా పోతుంది."

"మరి దారేంటి?"

"లెక్క కట్టినవారు తప్పు తమదని, సరైన అంకె ఇదని ఈ సభలోనే చెబితే, ఇక్కడే దిద్ది పంపొచ్చు. పేరుతో రాయాలి. పేరు రాశాక..." కార్యదర్శి కొంచెం నసిగాడు. "విచారణ ఉంటుంది. అది తేలేదాకా ఉద్యోగంలో ఉండనివ్వరు."

రూళ్లకర్ర పైకప్పు నుంచి చూపు దించాడు. రెండు నెలలు ఆయన ముఖం మీద స్పష్టంగా కనిపించాయి.

"కూర్చో," అన్నాడు మేనమామ. ఆ మాట ఒక్క ఆమెకే వినబడింది. "కూర్చో చిట్టీ. వచ్చే విడత చూసుకుందాం. అందరికీ పోతే పోనీ."

ఆమె కాళ్లు ఉదయం నుంచీ నిలకడ లేని కాళ్లు. ఇప్పుడు కదలనన్నాయి. ఎదుట టీచరమ్మ దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులు బల్ల కింద కనిపిస్తున్నాయి. ఆ పాదాలకు మళ్లీ ఐదేళ్లు.

"కట్టింది నేనే," అంది.

మైకు అందలేదు. వెనుక వరసలో ఎవరో "ఏమన్నారు?" అని అడిగారు. కార్యదర్శి పెన్ను కాగితం మీద ఆనించి, "లెక్క కట్టిన అధికారి పేరు?" అన్నాడు.

మేనమామ తన ముందున్న మైకును పట్టుకొని, తీగతో సహా లాగి, ఆమె ముందుకు తోశాడు.

"ఇంటికెళ్లాక నీతో మాట్లాడను," అన్నాడు. "ఇక్కడ అధ్యక్షుణ్ణి గనక తప్పదు. గట్టిగా చెప్పు, వెనకవాళ్లకి వినబడాలి."

ఆమె మైకును నోటి దగ్గరికి తీసుకుంది.

"వకుళ."