నేల మీద తాడు

తాడు వదిలేస్తే ఏ గుర్రమైనా పోతుంది. మేతకు పోతుంది, నీళ్లకు పోతుంది, ఏమీ తోచకపోతే ఊరికే పోతుంది. తాడు వదిలితే ఆగిపోయే గుర్రం కావాలని అడిగింది మందుల షాపావిడ.

అలా అడగడానికి ఆమెకు కారణం ఉంది. రెండేళ్ల కిందట కొండదారిలో గుర్రం మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ గుర్రం ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, తన దారిన తాను ఇంటికి పోయి గడ్డి మేసింది. ఆవిడ మూడు గంటలు రాళ్ల మీద పడి ఉంది.

"నొప్పి మర్చిపోయానండీ. అది తిరిగి చూసి మరీ వెళ్లిపోయిందే, అది మర్చిపోలేకపోతున్నాను," అంది గుర్రాలక్కతో.

గుర్రాలక్కకు యాభై రెండేళ్లు. ఆమె అసలు పేరు ఉత్తరాలు తెచ్చేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. దెబ్బలు తిన్న గుర్రాలను, మనిషి నీడ పడితే వణికే గుర్రాలను తెచ్చి ఆమె దగ్గర దిగబెట్టేవాళ్లు. ఆమె కొరడా పట్టదు. గొంతు పెంచదు. గుర్రం ఎక్కే ముందు నెలల తరబడి నేల మీదే పని. పక్కన నడవడం, ఆగడం, వెనక్కి జరగడం. అంతే.

ఈసారి ఆమె ఎంచుకున్నది గోధుమరంగు ఆడగుర్రాన్ని. వచ్చినప్పుడు దాని ఎడమ చెవి చివర చీలి ఉంది. గొలుసు దెబ్బ. లాయంలో దాణా, నీళ్లు, పేడ అన్నీ చూసుకునే తమ్ముడు రెండో రోజే దానికి పేరు పెట్టేశాడు.

"దీని పేరు అనుమానం అక్కా. బకెట్ మీద అనుమానం, బకెట్లో నీళ్ల మీద అనుమానం, నీళ్లలో తన మొహం మీద కూడా అనుమానమే."

మొదటి రెండు వారాలకు పైగా గుర్రాలక్క గుండ్రటి దడిలో బకెట్ బోర్లించి, దాని మీద కూర్చుని, గుర్రానికి వీపు పెట్టి పాత పేపర్లు చదివింది. తమ్ముడు దడి మీద మోచేతులు ఆనించి చూసేవాడు.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊరికే అన్నారా. పనీ లేదు, పాటూ లేదు. రెండు పూటలా తిని నీ వీపు చూస్తోంది."

"నువ్వూ రెండు పూటలా తినే చూస్తున్నావుగా. నిన్నేమైనా అన్నానా?"

పదిహేడో రోజున మెడ వెనక వెచ్చటి ఊపిరి తగిలింది. ఆమె తిరగలేదు. పేజీ కూడా తిప్పలేదు. కాసేపటికి లేచి నాలుగడుగులు వేసింది. వెనక నాలుగు గిట్టల చప్పుడు. ఆగింది. ఆగాయి.

ఆ తర్వాత తాడు. గుర్రాలక్క చదువంతా అందులోనే ఉంది. తాడును వేలితో పిలిచినట్టు కొద్దిగా లాగుతుంది. గుర్రం అటు వెంట్రుకవాసి ఒరిగితే చాలు, వెంటనే వదులు చేస్తుంది. లాగడం వల్ల గుర్రం ఏమీ నేర్చుకోదు. ఎప్పుడు వదిలావో దాన్నే గుర్తు పెట్టుకుంటుంది. చెయ్యి తెలియక ఒక్క క్షణం ముందో వెనకో వదిలితే, ఆ తప్పునే జీవితాంతం నమ్ముతుంది. గుర్రాలు అలాంటివి.

మూడో నెలలో అసలు పాఠం మొదలైంది. లాయం మధ్య పొడుగాటి నడవ ఉంది. అటో తలుపు, ఇటో తలుపు. నడవ నడుమ గుర్రాన్ని నిలబెట్టి, తాడు నేల మీద వదిలి, ఏమీ చెప్పకుండా నడిచి వెళ్లిపోయేది. గుర్రం కదిలితే తిట్టదు, కొట్టదు. వెనక్కి తెచ్చి, ఏ గిట్ట ఎక్కడ ఉండేదో అక్కడే పెట్టి మళ్లీ తాడు వదిలేది. తాడు నేల మీద ఉన్నంతసేపు కదలకూడదు. ఎవరో ఒకరు తాడు తీస్తేనే కదలాలి.

పది రోజుల్లో అనుమానం ఆ పాఠం పట్టేసింది. తమ్ముడు రేకు డబ్బాలు మోగించాడు. గొడుగు టపీమని తెరిచాడు. తుంటి మీద చరిచాడు. చెవులు తిరిగాయి, చర్మం జలదరించింది, గిట్ట మాత్రం లేవలేదు.

"పేరు మార్చాలి అక్కా. ఇది అనుమానం కాదు, మొద్దు," అన్నాడు, దాని నుదురు గోకుతూ. గొంతులో గర్వం దాగలేదు.

"ఇంకొకటి మిగిలింది. పిలవాలి."

"ఎవర్ని?"

"దాన్నే. నేను తలుపు దగ్గర నిలబడి పిలుస్తాను. అయినా రాకూడదు."

తమ్ముడి చెయ్యి ఆగిపోయింది. "అదొక్కటీ వద్దక్కా. నువ్వు పిలిస్తే వస్తుందనే కదా ఇన్నాళ్లూ పడిగాపులు కాశావు. ఇప్పుడు రాకూడదని నేర్పుతావా? పాపం."

"పడిపోయిన మనిషి నొప్పితో ఏవేవో అరుస్తుంది. దారినపోయే వాడెవడో పిలుస్తాడు. అప్పుడది నోటి మాట వినకూడదు. తాడు మాటే వినాలి."

"నీ గొంతు కూడానా?"

"నా గొంతు కాదంటే ఎవరి గొంతైనా కాదంటుంది."

ముందు తలుపు దగ్గర నిలబడి, రోజూ పిలిచినట్టే, "రా తల్లీ," అంది. అనుమానం మొహం వెలిగింది. ఒక్క అడుగు వేసింది. గుర్రాలక్క వెళ్లి, మెత్తగా వెనక్కి నడిపించి, ఆ గిట్టను ఉన్నచోటే పెట్టింది. రెండో రోజు కూడా ఒక్క అడుగు. మళ్లీ వెనక్కి. మూడో రోజు, "రా తల్లీ," అంటే గుర్రం ఆమెను చూసింది, కింద తాడును చూసింది, కదలలేదు.

అది గుర్రాలక్క అంతకుముందెప్పుడూ ఏ గుర్రంతోనూ సాధించని పని. ఆమె వెళ్లి తాడు తీసి, దాని నుదుటికి నుదురు ఆనించి చాలాసేపు నిలబడింది. తమ్ముడు పేడ తట్ట ఎత్తుకుని అటు చూడకుండా వెళ్లిపోయాడు.

మందుల షాపావిడకు అప్పగించడానికి నాలుగు రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం, లాయం అటక మీద గడ్డికి నిప్పంటుకుంది. అక్కడున్న పాత ఫ్యాను మోటారు కాలిందని తర్వాత తేలింది. గుర్రాలక్క అవతలి మైదానంలో, నాడాలు కొట్టే మేస్త్రీ దగ్గర ఇంకో గుర్రం కాలు పట్టుకుని ఉంది. పొగ చూసి ఇద్దరూ పరుగెత్తారు. లాయంలో రెండే గుర్రాలున్నాయి. అనుమానం, కళ్లు కనపడని ముసలి గుర్రం. తమ్ముడు అప్పటికే లోపలికి దూకాడు.

లోపల ఏం జరిగిందో తమ్ముడే తర్వాత చెప్పాడు. ముందు అనుమానాన్ని గదిలోంచి నడవలోకి లాక్కొచ్చాడు. ఎదురుగా తలుపు బార్లా తెరిచి ఉంది. ఇరవై అడుగులు, అంతే. ఈలోగా ముసలి గుర్రం చెక్కలు తన్నుతూ అరవడం మొదలుపెట్టింది. దానికి దారి కనపడదు, ఒకరు పట్టుకుని నడిపించాల్సిందే. అనుమానానికి కళ్లున్నాయి, తలుపు ఎదురుగా ఉంది. తమ్ముడు తాడు వదిలేసి, తుంటి మీద ఒక్కటి చరిచి, "పో," అని అరిచి, అవతలి గది వైపు పరుగెత్తాడు. ఇనుప గడియ అప్పటికే ఎర్రగా కాలి ఉంది. రెండు చేతులతో లాగాడు. ముసలి గుర్రంతో పాటు వెనక తలుపులోంచి బయటపడి, అక్కడే కూలబడ్డాడు.

ముందు తలుపు దగ్గరికి గుర్రాలక్క వచ్చేసరికి, నడవ నడుమ పొగలో అనుమానం నిలబడి ఉంది. ఒళ్లంతా వణుకుతోంది. తాడు నేల మీద ఉంది.

అక్క పిలిచింది. "రా తల్లీ."

మేస్త్రీ ఆమె నడుం పట్టి వెనక్కి లాగుతున్నాడు, తల పక్కకు తిప్పుకుని దగ్గుతున్నాడు. అతను చూడలేదు. ఆమె ఒక్కతే చూసింది. గుర్రం ఒక్క అడుగు ముందుకు వేసింది. ఆమె వంక చూసింది. తర్వాత, ఎవరూ తాడు పట్టకుండానే, ఎవరూ మెత్తగా నడిపించకుండానే, ఆ గిట్టను తనంతట తాను వెనక్కి తీసుకుని ఉన్నచోటే పెట్టింది.

ఆమె మేస్త్రీ చేతులు విదిలించుకుని నాలుగడుగులు లోపలికి వెళ్లింది. అటక కూలి, మండుతున్న గడ్డంతా ఇద్దరి మధ్యా పడింది.

ఆసుపత్రిలో తమ్ముడి చేతులు రెండూ మోచేతుల దాకా తెల్లటి మూటలు. కళ్లు తెరవగానే అడిగాడు. "ముసలోడు?"

"బాగున్నాడు. మేస్త్రీ ఇంటి దగ్గర కట్టేశాం."

"అనుమానం?"

గుర్రాలక్క మంచం కింద చెప్పులు సర్దింది. "పారిపోయింది. వెతుకుతున్నాం."

తమ్ముడు నవ్వాడు. "పోక ఏం చేస్తుంది. ఒక్కటిచ్చాను, గట్టిగా." తర్వాత చేతుల మూటలు ఎత్తి చూపించాడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఆకులు పట్టుకోవడానికి కూడా లేకుండా కట్టారు చూడు."

డాక్టరు తమ్ముడికి బెంగ పెట్టొద్దన్నాడు కదా అని ఆమె తనకు తాను చెప్పుకుంది. రోజూ అన్నం కలిపి నోటికి అందించేది. రోజూ అతను అడిగేవాడు. దొరికిందా? లేదు. కొండవైపు చూశారా? చూశాం. ఏటి ఒడ్డున? చూశాం. అబద్ధం ఒక్కటే అయితే మోయొచ్చు. దానికి కాళ్లు పుట్టి కొండలూ ఏటి ఒడ్డులూ తిరగడం మొదలుపెట్టింది.

ఆరో రోజు ముద్ద నోటి దాకా వచ్చాక తమ్ముడు నోరు తెరవలేదు.

"అక్కా. అది ఎక్కడికి పోయినా సాయంత్రానికి నీ దగ్గరికి వచ్చేది కదా."

ఆమె ముద్దను అలాగే పట్టుకుంది.

"నేను తాడు కింద వదిలాను," అన్నాడు మెల్లగా. "వదిలేశాను అనుకున్నాను. రోజూ డబ్బాలు మోగించింది నేనే. తుంటి మీద చరిచింది నేనే. ఎంత కొట్టినా కదలకూడదని... అక్కా, దాన్ని నేనే చంపాను కదూ?"

ఆమె ఇక్కడితో ఆగిపోవచ్చు. కాదని తల అడ్డంగా ఊపి, వీపు నిమిరి ఊరుకోవచ్చు. తలుపు దగ్గర జరిగింది ఆమెకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఎప్పటికీ తెలియదు. కాని ఆ బరువంతా ఈ కాలిన చేతుల మీదే ఉండిపోతుంది.

ముద్దను కంచంలో పెట్టేసింది.

"నేను పిలిచానురా."

"ఏంటి?"

"తలుపు దగ్గర నిలబడి పిలిచాను. నువ్వు వదిలిన తాడును అది దాటింది. ఒక అడుగు వేసింది. బయటికి వచ్చేదే. నన్ను చూసి, మళ్లీ వెనక్కి వెళ్లి నిలబడింది. నువ్వు వద్దన్న పాఠం. నువ్వొక్కడివే వద్దన్నావు."

పక్క మంచం దగ్గర ఎవరో కమలాపండు ఒలుస్తున్నారు.

"ఒక్క అడుగేనా?"

"ఒక్కటే."

"ఎంత బాగా నేర్పావే అక్కా," అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు అది. నిజంగానే అన్నాడు. ఆమె లేచి కంచం కడగడానికి వెళ్లి, కుళాయి తిప్పి, నీళ్లు నిండి పొంగిపోతున్నా అలాగే నిలబడింది.

మందుల షాపావిడ చేతికర్రతో ఒకసారి వచ్చింది. కాలిపోయిన గోడల దగ్గర నిలబడి, జరిగిందంతా విని, వెళ్లేముందు అంది. "ఇంకో గుర్రం చూడండి. తొందరేం లేదు. పడితే నన్ను వదిలేసి పోయేదే చూడండి."

"మళ్లీ రాళ్ల మీద పడి ఉంటారు."

"ఉంటానులెండి. ఎవరో ఒకరు వస్తారు."

రెండు నెలలకు ఒక కుర్ర గుర్రం వచ్చింది. బూడిదరంగు, బెదురు కళ్లు. గుర్రాలక్క బకెట్ బోర్లించింది, పేపర్లు చదివింది, మెడ మీద ఊపిరి తగిలేదాకా కాచుకుంది. తమ్ముడు దడి దగ్గరికి వచ్చి నిలబడేవాడు. వేళ్లు మూసుకోవు. మోచేతులు మాత్రం ఎప్పటిలాగే దడి మీద ఆనించేవాడు. జోకులు తగ్గాయి.

ఒక ఉదయం ఆమె గుర్రాన్ని దడి బయటికి తెచ్చి, మైదానం అంచున నిలబెట్టి, తాడు నేల మీద వదిలింది. గుర్రం ఆ తాడును చూసింది. తల ఎత్తి గాలి పీల్చింది. ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. తాడు గడ్డిలో పాములా దాని వెంట పాకింది.

"పోతోంది అక్కా," అన్నాడు తమ్ముడు. తాడు అందుకోబోయి, పట్టలేని చేతులు గుర్తొచ్చి ఆగిపోయాడు.

"పోనియ్," అంది.

గుర్రం మైదానం సగం దాటింది. ఆమె పిలవలేదు. అది ఎంత దూరం పోతుందో చూస్తూ నిలబడింది.